మూత తీసిన ట్రాన్సిస్టరు – మా చౌడు మడి

సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వమని మన యూనియన్ సెక్రటరీ అడిగినప్పుడు, "నాకు కవిత్వం రాదు, కథలు అసలే రావు" అన్నాను. "నీ చౌడు సంగతే వ్రాయి" అన్నాడతను. హాస్టల్లో ఏడాదిగా నా పేరే అది – చౌడు. ఆ పేరు ఎలా వచ్చిందో చెబితే వ్యాసం సగం అయిపోయినట్టే గనుక సరేనన్నాను.

మాది సాగర్ కుడి కాలువ కింద రెండెకరాల మాగాణి. అందులో తూర్పు గట్టు వెంబడి అరెకరం దాకా చౌడు పట్టింది. ఎండాకాలంలో సున్నం చల్లినట్టు తెల్లగా ఉంటుంది. నాట్లు వేస్తే పదిహేను రోజులకు ఆకులు కొసల నుంచి మాడుకుంటూ వస్తాయి. కాలువ రాకముందు అక్కడే జొన్న మనిషెత్తు పెరిగేదని మా నాయనమ్మ చెబుతుంది. నీళ్లు వచ్చాయి గాని మురుగు పోయే దారి రాలేదు. అడుగున ఉన్న ఉప్పు పైకెక్కింది. ఇది మా ఒక్క పొలం కథ కాదు, కాలువల కింద చాలా ఊళ్లలో ఇదే తంతు.

నాన్న దానికి చేయించని వైద్యం లేదు. ఎరువుల కొట్టు ఆయన జింకు లోపమంటే జింకు చల్లాడు. ఒకరు జిప్సం వెయ్యమన్నారు, ఇంకొకరు నీళ్లు నిలగట్టి తీసెయ్యమన్నారు. ఒకసారి మట్టిని పరీక్షకు పంపితే, కాగితం చేతికొచ్చేసరికి నాట్లు పడి నెలయింది. అందులో పొలం మొత్తానికీ కలిపి ఒకటే అంకె. (అన్ని మూలల మట్టీ కలిపి ఒకే సంచిలో పోసింది మేమే. కాబట్టి తప్పంతా వాళ్లదని అనను.)

ఇక్కడ వ్యవసాయం తెలియని మిత్రుల కోసం ఒక మాట. చౌడు ఒకటి కాదు. పాలచౌడు అంటే మట్టిలో కరిగే లవణాలు ఎక్కువై తెల్లగా పొడి తేలేది. మంచి నీటితో కడిగి, ఆ నీటిని బయటకు తీస్తే తగ్గుతుంది. కారుచౌడు వేరు. అక్కడ సోడియం బంకమట్టి రేణువులను అంటిపెట్టుకుని ఉంటుంది. రేణువులు విడివిడిగా చెదిరి సందులన్నీ మూసుకుపోతాయి. వాన పడితే నీరు ఇంకదు, ఎండితే గడ్డపారకు లొంగదు. దానిమీద ఎన్ని నీళ్లు పెట్టినా కడిగినట్టు కాదు. జిప్సం వేసి, అందులోని కాల్షియం చేత సోడియాన్ని రేణువుల మీద నుంచి గెంటించి, ఆ తర్వాత కడగాలి. పైకి రెండూ ఇంచుమించు ఒకలాగే కనిపిస్తాయి. తేడా చెప్పే మొదటి గుర్తు పి.హెచ్. కారుచౌడులో అది 8.5 దాటుతుంది. అంటే ఒక్క అంకె తెలియక మా నాన్న ఇన్నేళ్లూ ఆ అరెకరంలో డబ్బు పోస్తూ వచ్చాడు.

ఆ అంకె నేనే తెలుసుకుందామని పోయిన సంక్రాంతి సెలవుల తర్వాత ఆరు పొట్లాల మట్టి పెట్టెలో పెట్టుకుని హాస్టలుకు తెచ్చాను. రూమ్మేటు పొట్లాలు విప్పి చూసి, తినేవి కావని తెలిసి, ఆ రాత్రే నాకు నామకరణం చేశాడు.

కెమిస్ట్రీ లాబులో అనుమతి తీసుకుని, ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల డిస్టిల్డు వాటరు కలిపి, పి.హెచ్. మీటరు పెట్టాను. మొదటి పొట్లం బాగానే చదివింది. రెండోదానిలో మట్టి అడుక్కి పోతోందని, గాజుకడ్డీ తీసుకోవడానికి బద్ధకించి, ఎలక్ట్రోడుతోనే ఒక్క తిప్పు తిప్పాను. మా నల్లరేగడిలో సుద్దరాయి పలుకులుంటాయి. టిక్కుమని చిన్న చప్పుడు. ఎలక్ట్రోడు కొసన ఉండే గాజు బుడ్డి ఉల్లిపొర కన్నా పలుచన. అది పోయింది.

అటెండరు గారు నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది. రిజిస్టరులో నా పేరు వ్రాసుకున్నారు. మెస్ బిల్లుకు దాచుకున్న డబ్బులో చాలా భాగం అటు పోయింది. ఈ సంగతి ఇంట్లో ఇంతవరకూ చెప్పలేదు. ఈ సంచిక ఇంటికి తీసుకుపోయే పక్షంలో ఈ పుట చింపవలసి ఉంటుంది.

పి.హెచ్. కొలవడానికి గాజే ఎందుకు కావాలని అప్పుడు నాకు కోపం వచ్చింది. కోపంతోనే లైబ్రరీకి వెళ్లాను.

గాజు మీటరు కూడా ఒక రైతు అవసరం వల్లనే ప్రయోగశాల దాటి బయటకు వచ్చిందని అక్కడ చదివాను. 1934లో కాలిఫోర్నియాలో పండ్లతోటల వాళ్ల సంఘం ప్రయోగశాలలో పనిచేసే ఒక కెమిస్టు, నిమ్మరసం పులుపు కొలవడం కుదరక, తన పాత సహాధ్యాయి ఆర్నాల్డ్ బెక్‌మన్ దగ్గరకు పోయాడు. రసంలో కలిపిన సల్ఫర్ డయాక్సైడు వల్ల రంగు కాగితాలు తెల్లబోయేవి. గాజు ఎలక్ట్రోడు పెడదామంటే అందులోనుంచి వచ్చే విద్యుత్తు మరీ బలహీనం. బెక్‌మన్ వాక్యూం ట్యూబులతో దాన్ని పెంచి చూపే పెట్టె తయారుచేశాడు. ఈనాటికీ మన లాబులో ఉన్నది ఆ పెట్టెకు మనుమడే. లోపలి ట్యూబులు పోయి చిప్పులొచ్చాయి గాని కొసన గాజు బుడ్డి మాత్రం అలాగే ఉండిపోయింది.

గాజు తీసేసిన మనిషి పీట్ బెర్గ్‌వెల్డ్. నెదర్లాండ్స్‌లోని ట్వెంటె సాంకేతిక విద్యాలయంలో పరిశోధన చేస్తూ, 1970లో రెండు పుటల చిన్న వ్యాసం ప్రకటించాడు. అప్పుడాయన వయసు ముప్ఫై. ఆయనకు కావలసింది మట్టి కాదు, నాడులలో అయానుల కదలిక. కాని చేసిన పని మాత్రం మాబోటివాళ్లకు కూడా పనికొచ్చేది.

ఆ పని అర్థం కావాలంటే ముందు మామూలు ట్రాన్సిస్టరు చూడాలి. మాస్‌ఫెట్ అనే ఈ రకాన్ని 1959లో బెల్ లాబొరేటరీస్‌లో అతాల్లా, కాంగ్ అనే ఇద్దరు చేశారు. అడుగున సిలికాను పలక. అందులో రెండు చోట్ల వేరే గుణం గల గుంటలు – ఒకటి సోర్సు, ఒకటి డ్రెయిను. రెండింటి మధ్య నేల మీద ఆక్సైడు పొర, అంటే ఒక విధమైన గాజే, వెంట్రుక మందంలో వెయ్యోవంతు ప్రాంతంలో. దాని మీద లోహపు పొర, అదే గేటు. గేటుకు వోల్టేజి ఇస్తే, ఆక్సైడు ఆవల సిలికానులో ఎలక్ట్రానులు పోగై సోర్సుకూ డ్రెయినుకూ మధ్య ఛానలు ఏర్పడుతుంది. వోల్టేజి తగ్గిస్తే అది సన్నబడుతుంది.

సోర్సు, ఛానలు, గేటు, డ్రెయిను! క్లాసులో మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. కాలువ, తూము, మురుగుకాలువ – మా ఊరి నీటి తగాదాలో ఉన్న మాటలన్నీ ఇవే. ఈ పాఠం మాత్రం నేను బట్టీ పట్టనవసరం లేకపోయింది. తూము తలుపు అంగుళం లేస్తే కింది చేను తడుస్తుంది. ఎవరు ఎత్తారన్నదే తగాదా.

బెర్గ్‌వెల్డ్ ఏం చేశాడంటే, ఆ లోహపు గేటు తీసేశాడు. ఆక్సైడు పొరను మూత లేకుండా వదిలి, ద్రవంలో ముంచాడు. ఇప్పుడు లోహం స్థానంలో ద్రవమే ఉంది. ఆక్సైడు ఉపరితలం మీద ఉండే ఓ.హెచ్. గుంపులు ద్రవంలోని హైడ్రోజన్ అయానులను పట్టుకుంటాయి, లేదా వదులుతాయి. ద్రవం ఎంత ఆమ్లమైతే ఉపరితలం మీద అంత ధనావేశం. ఆ ఆవేశమే తూము తలుపులా పనిచేసి, కింద ఛానలులో కరెంటును పెంచుతుంది, తగ్గిస్తుంది. 25 డిగ్రీల వేడిమి దగ్గర పి.హెచ్. ఒక్క అంకె మారితే మహా అయితే 59 మిల్లీవోల్టులు. గాజు ఎలక్ట్రోడు ఇచ్చేదీ అంతే. దీనికి ఇస్‌ఫెట్ అని పేరు – అయానులను గుర్తుపట్టే ఫీల్డ్ ఎఫెక్టు ట్రాన్సిస్టరు.

ఇంకో విషయం చదివినప్పుడు మాత్రం నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. 1960ల మొదట్లో ఈ మాస్‌ఫెట్‌లు నిలకడగా ఉండేవి కావు. ఈరోజు ఒకలాగ, రేపు ఒకలాగ పనిచేసేవి. కారణం వెతగ్గా సోడియం అని తేలింది. చేతి చెమటలో ఉండే కాస్త ఉప్పు తగిలినా చాలు, సోడియం అయానులు ఆక్సైడులో దూరి అటూ ఇటూ తిరిగేవి. మా మడిని పాడుచేసిందీ, ట్రాన్సిస్టరును పాడుచేసిందీ ఒక్కటే. మా నాన్న తిట్టుకున్నట్టే ఆ ఇంజనీర్లూ దాన్ని తిట్టుకుని ఉంటారు. వాళ్లు ట్రాన్సిస్టరుకు ఉప్పు తగలకుండా కాపాడుకుంటూ ఉంటే, బెర్గ్‌వెల్డ్ దాన్ని తీసుకుపోయి ఉప్పునీళ్లలో ముంచాడు! అది తెగువో తెలివో, నాకైతే రెండూ అనిపించింది.

అయితే అంతా సాఫీగా జరగలేదు. ఒట్టి సిలికాన్ ఆక్సైడు 59 మిల్లీవోల్టులకు చాలా తక్కువే ఇచ్చింది. తర్వాతివాళ్లు దాని మీద సిలికాన్ నైట్రైడు, అల్యూమినియం ఆక్సైడు, టాంటలం పెంటాక్సైడు పొరలు వేశారు. నైట్రైడు సోడియాన్ని లోపలికి రానివ్వదు, పి.హెచ్.ను కూడా బాగా చదువుతుంది. రిఫరెన్సు ఎలక్ట్రోడు అక్కర్లేదని బెర్గ్‌వెల్డ్ మొదట అన్నాడు గాని, కావాలనే తేలింది. ద్రవంలో ఎక్కువసేపు ఉంచితే రీడింగు మెల్లగా జరిగిపోయే జబ్బు ఈనాటికీ పూర్తిగా పోలేదు.

మూత మార్చితే పసిగట్టే వస్తువు కూడా మారుతుంది. 1975లో స్వీడన్‌లో లుండ్‌స్ట్రోం బృందం గేటుకు పల్లాడియం వేసి హైడ్రోజన్ వాయువును పట్టింది. ఆ మధ్య 2011లో ఇలాంటి ట్రాన్సిస్టర్లు లక్షల కొద్దీ ఒకే చిప్పు మీద పేర్చి డి.ఎన్.ఏ.ను చదివారు. పోగు పెరిగేటప్పుడు ఒక్కొక్క అక్షరం అతికినప్పుడల్లా ఒక హైడ్రోజన్ అయాను విడుదలవుతుంది, దాన్ని ఇది కనిపెడుతుంది. ఇవన్నీ చదవడానికి బాగున్నాయి గాని నా పొట్లాలు ఇంకా నాలుగు అలాగే ఉన్నాయి.

మా ఫిజిక్సు లెక్చరర్ గారికి ఎలక్ట్రోడు సంగతి తెలిసింది. ఆయన నవ్వి, పరిశోధనశాలలో ఉన్న తన స్నేహితుణ్ణి అడిగి, ఉగాది సెలవులకు ఒక చేతి మీటరు ఇప్పించారు. లావుపాటి పెన్నులా ఉంది. కొసన గాజు లేదు. చిన్న గుంటలో నల్లటి గింజ, చీమతల అంత. అదే ఇస్‌ఫెట్.

పొలంలో గట్టు మీద గ్లాసులు వరసగా పెట్టి, మట్టి కలిపి, అరగంట ఆగి, 7, 9.2 బఫరులతో సరిచూసుకుని మొదలుపెట్టాను. నాన్న గొంతుక్కూర్చుని చూస్తున్నాడు.

"ఏందిరా, దాంట్లో?"

"కాలువ ఉంది నాన్నా. పైన ఉప్పునీళ్లు తగిలితే తూము కదులుద్ది."

"ఇంతదాంట్లో కాలువ యాడుందిరా!" అన్నాడు గాని కొట్టిపారెయ్యలేదు.

అంకె నిలబడలేదు. 8.9, 8.6, 9.0 – ఆడుతోంది. నాకు చెమటలు పట్టాయి. పాఠంలో చదివింది అప్పుడు గుర్తొచ్చింది: సిలికానుకు వెలుతురు తగిలినా అందులో కరెంటు పుడుతుంది. ఉగాది ఎండ నేరుగా దాని మీద పడుతోంది. నాన్న భుజం మీది తుండుగుడ్డ అడిగి తీసుకుని, గ్లాసు మీద గుడారంలా కప్పాను. అంకె కుదురుకుంది.

గట్టు పక్క నాలుగు గ్లాసులు 9.1కీ 9.4కీ మధ్య చదివాయి. ఇవతలి పక్క రెండూ 8.1, 8.2. అంటే అరెకరమంతా ఒకటే చౌడు కాదు. ఇవతలిది పాలచౌడులా ఉంది, గట్టువారది మాత్రం కారుచౌడు. నాన్న గట్టువార మట్టి చిటికెడు నాలుక మీద పెట్టుకుని ఉమ్మి, ఇవతలి మట్టి కూడా పెట్టుకుని ఉమ్మాడు. "ఇది ఉప్పు. అది ఉప్పు గాదు, సబ్బు లాగుంది. ఎప్పుడూ ఇటు పక్కదే చూశాను" అన్నాడు. ఆ మాట ఆయన నాతో కాక పొలంతో అన్నట్టుగా ఉంది.

మీటరు చెప్పింది అక్కడికే. ఎకరానికి జిప్సం ఎంత వెయ్యాలో పి.హెచ్. ఒక్కటే చెప్పదు, దానికి వేరే పరీక్ష ఉంది. అందుకని గట్టువార మట్టి ఒక సంచిలో, ఇవతలిది ఇంకో సంచిలో పోసి, మళ్లీ పరీక్షకు పంపాం. ఈసారి ఏప్రిల్లోనే పంపాం గనుక కాగితం ఆలస్యమైనా దుక్కికి ముందే వచ్చింది. జిప్సం గట్టువారే వేశాం. ముందుగా అక్కడినుంచి వాగు దాకా మురుగుకాలువ తవ్వవలసి వచ్చింది. దానికి పక్కచేను వాళ్ల ఒప్పుదల కావాలి, అది సంపాదించడానికి నాన్నకు పట్టిన రోజులతో పోలిస్తే నా పరిశోధన ఏపాటిది!

ఈ సంక్రాంతికి ఇంటికి వెళ్లేసరికి నూర్పిళ్లు అయిపోయాయి. కిందటేడు గింజ లేని ఆ చెక్కలో ఆరు బస్తాలయ్యాయి. పొలం మిగతా భాగంతో చూస్తే తక్కువే. ఇవతలి పాలచౌడు మాత్రం పెద్దగా మారలేదు, కాలువ నీళ్లు ఆలస్యంగా వదిలినందువల్ల కడగడం కుదరలేదు.

నేను తిరుగు బస్సెక్కుతుంటే నాన్న ఒక సీసా చేతికిచ్చాడు. బోరు నీళ్లు. కాలువ రాని రోజుల్లో పెట్టేవి అవే. "దీన్ని గూడా ఆ పెన్నుతో చూపించు. ఉగాదికి మల్లా తెస్తావుగా?" అన్నాడు. సీసా ఇప్పుడు నా బల్ల మీదే ఉంది. దాని మీద 'తాగరాదు' అని కాగితం అంటించాను, రూమ్మేటు కోసం.