ఫణిగిరి ఎక్కితే మా చెలక కనిపించింది

ఎత్తయినది ఏదైనా కనిపిస్తే ఎక్కి చూడాలనిపించడం మనిషికి పుట్టుకతో వచ్చిన బుద్ధేమో! పిల్లలు చెట్టెక్కుతారు. కుర్రాళ్లు వాటర్‌ ట్యాంకు ఎక్కుతారు. హైదరాబాద్‌ వెళ్లిన వాళ్లు చార్మినార్‌ ఎక్కకుండా తిరిగి రారు. 1591లో మహమ్మద్‌ కులీ కుతుబ్‌షా కట్టించిన ఆ మీనార్ల లోపల సుడులు తిరిగే మెట్లు 149 ఉన్నా, ఇప్పుడు పర్యాటకుల్ని మొదటి అంతస్తు దాకానే పోనిస్తారు. అయినా సరే, ఆ కాస్త ఎత్తు నుంచే లాడ్‌బజార్‌నీ మక్కా మసీదునీ చూసి మురిసిపోయే జనం రోజూ వస్తూనే ఉంటారు.

కర్నూలులో కొండారెడ్డి బురుజు సంగతీ అంతే. విజయనగర రాజుల కాలం నాటి కోటలో మిగిలిన ముక్క అది. ఊరి నడిబొడ్డున, చుట్టూ పచ్చిక మధ్య నిలబడి ఉంటుంది. పైకెక్కితే కర్నూలు మొత్తం కాళ్ల కింద పరుచుకుంటుంది. 2003లో వచ్చిన ‘ఒక్కడు’ సినిమాలో చార్మినార్‌, కొండారెడ్డి బురుజు రెండూ ఉన్నాయి. చార్మినార్‌కి సెట్‌ వేశారు, బురుజు దగ్గర నిజంగానే షూటింగ్‌ చేశారు. 2020లో ‘సరిలేరు నీకెవ్వరు’ నాటికి ఆ బురుజుకి కూడా రామోజీ ఫిల్మ్‌సిటీలో సెట్‌ వేయాల్సి వచ్చింది!

మరి మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాళ్లం ఏం ఎక్కాలి? ఈ మూడు పట్టణాల్లో పార్కులకు కొదవ లేదుగానీ, వాటిలో చార్మినార్‌లూ బురుజులూ లేవు. మిర్యాలగూడలో ఎత్తుగా కనిపించేవి రైసుమిల్లుల గొట్టాలు. కోదాడలో హైవే ఫ్లైఓవర్‌. సూర్యాపేట వాళ్లకు రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు ఉంది. లింగమంతుల స్వామి జాతరకు గంపలు నెత్తిన పెట్టుకుని ‘ఓ లింగా’ అంటూ లక్షల మంది ఎక్కుతారు. కానీ ఆ జనంలో చుట్టూ చూసే తీరిక ఎవరికుంటుంది?

అయితే మనకూ ఒక ఎత్తుంది. చార్మినార్‌ కన్నా పన్నెండు వందల ఏళ్లకు పైగా పాతది. సూర్యాపేట నుంచి జనగామ రోడ్డు పట్టుకుని 40 కిలోమీటర్లు పోతే చాలు... పడగ విప్పిన పాములా కనిపిస్తుంది. అదే ఫణిగిరి.

అమ్మ ఎక్కని గుట్ట

ఫణిగిరి మీద రాయమని ఆఫీసులో అన్నప్పుడు నేను మొదట అమ్మకు ఫోన్‌ చేశాను. ఎందుకంటే ఆమె పుట్టిల్లు ఆ గుట్టకు కూతవేటు దూరం. ‘‘అమ్మా, ఫణిగిరి గుట్ట మీద ఏముంటుందే?’’ అనడిగితే ఆమె నవ్వింది. ‘‘నాకేమెర్క బిడ్డా? నేనెన్నడెక్కిన్నా!’’ అంది.

నాకు నమ్మబుద్ధి కాలేదు. పద్దెనిమిదేళ్లు ఆ గుట్ట నీడలో పెరిగిన మనిషి. పెళ్లయ్యాక కూడా పండక్కీ పబ్బానికీ అక్కడికే వెళ్లిన మనిషి. ఒక్కసారి కూడా ఎక్కలేదా? ‘‘గుట్ట మీదికి మేకలోళ్లు పోతరు. మొగపోరగాళ్లు పోతరు. ఆడపిల్లకు గుట్ట మీదేం పని అంటుండె మా నాయిన’’ అంది మామూలుగా. ఆ మాటలో ఫిర్యాదు లేదు. అందుకే నాకు మరీ గుచ్చుకుంది.

అలా సంక్రాంతి పోయిన వారం మేం ముగ్గురం బయల్దేరాం. నేను, అమ్మ, మా మేనమామ. అమ్మకు అరవై మూడేళ్లు. రెండు మోకాళ్లూ నొప్పులే. మెట్లెక్కొద్దని డాక్టరు చెప్పి రెండేళ్లయింది. ‘‘మెట్లు వద్దన్నడుగని, గుట్ట వద్దనలేదు గద’’ అని తనే చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని ముందు నడిచింది.

మామ తట్ట మోసిన చోటు

మా మామ ఆ గుట్టకు పాత కాపు. 2001 నుంచి 2007 వరకు పురావస్తు శాఖ ఇక్కడ తవ్వకాలు జరిపినప్పుడు చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూలికి వెళ్లినవాళ్లలో ఆయనా ఒకడు. ‘‘కోడలా, మొదటిరోజు గడ్డపార పట్టుకపోయిన. సారు చూసి, గది పక్కకు పెట్టమన్నడు. చిన్న కుంచె చేతిలబెట్టి దులపమన్నడు. మట్టి దులిపితే కూలిస్తరా అని మస్తు నవ్వుకున్నం’’ అని చెప్పుకొచ్చాడు.

ఆ కుంచెల కింద నుంచి బయటపడింది చిన్న సంగతి కాదు. నిజాం కాలంలో, 1940ల్లోనే ఇక్కడ బౌద్ధం ఆనవాళ్లు గుర్తించారు. తర్వాత దశాబ్దాల పాటు గుట్ట మళ్లీ మేకలకే మిగిలింది. 2001లో మొదలైన తవ్వకాల్లో మహాస్తూపం, గజపృష్ఠాకారంలో చైత్యగృహాలు, భిక్షువులు ఉండే విహారాలు, స్తంభాల మండపాలు ఒక్కొక్కటిగా బయటికొచ్చాయి. బుద్ధుడి జీవిత ఘట్టాలు చెక్కిన తోరణం దొరికింది. సిద్ధార్థుడు ఇల్లు విడిచి గుర్రం మీద వెళ్లిపోయే ఘట్టం కూడా ఈ శిల్పాల్లో ఉంది. 2023లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్‌ మ్యూజియంలో తొలినాటి భారతీయ బౌద్ధ కళ మీద పెద్ద ప్రదర్శన పెడితే, ఫణిగిరి శిల్పాలు విమానమెక్కి వెళ్లాయి. అమ్మ గుట్ట ఎక్కడానికన్నా ముందే గుట్ట మీది రాళ్లు అమెరికా చూసొచ్చాయన్నమాట!

2024లో మళ్లీ తవ్వితే ఒక మట్టికుండ దొరికింది. అందులో 3,730 సీసపు నాణేలు. ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయిని చిహ్నం. ఇక్ష్వాకుల కాలం నాటివని చెప్పారు. ఆ వార్త చదివినప్పుడు మామకు రెండ్రోజులు నిద్ర పట్టలేదట. ‘‘నేను ఆరేండ్లు దులిపిన. నాకొక్క కుండ కనవడలే’’ అని ఇప్పటికీ అంటాడు.

ఎత్తు ఎవరిది?

సగం దారిలో అమ్మ ఒక బండ మీద కూలబడింది. నీళ్లు తాగుతూ కిందికి చూసి ‘‘ఇంత పైన ఇల్లు కట్టుకునుడేందిరా? నీళ్లకెట్ల, బువ్వకెట్ల?’’ అని మామను అడిగింది. మంచి ప్రశ్నే. పైనంతా గట్టి నల్లరాయి. శిల్పాలేమో సున్నపురాయివి. సున్నపురాయి అంటే మనకు మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు గుర్తొస్తాయి. లారీలు, క్రేన్లు లేని రోజుల్లో అంతంత పలకల్ని ఈ గుట్ట మీదికి ఎక్కించారంటే ఎన్ని భుజాలు కాయలు కాశాయో!

భిక్షువులు గుట్టలను ఎంచుకోవడంలో ఒక లెక్క ఉంది. వాళ్లు వండుకోరు. పొద్దున్నే పాత్ర పట్టుకుని ఊళ్లోకి వెళ్లి భిక్ష తెచ్చుకోవాలి. కాబట్టి ఊరు దగ్గరుండాలి. కానీ ఊరి గోల వినిపించకూడదు. వర్తకులు పోయే బాట దగ్గరుంటే దానాలు అందుతాయి. వానాకాలం మూడు నెలలూ తిరగకుండా ఒకేచోట ఉండాలి, దానికి తడవని చోటు కావాలి. ఫణిగిరికి ఇవన్నీ కుదిరాయి. ప్రాచీన వర్తక మార్గం ఈ పక్కనుంచే పోయేదని చరిత్రకారులు చెబుతారు. దగ్గర్లోనే బిక్కేరు వాగు. చుట్టూ వర్ధమానుకోట, గాజులబండ, తిరుమలగిరి, అర్వపల్లి... అన్నిచోట్లా ఆ కాలం ఆనవాళ్లున్నాయి.

ఇక్కడ దొరికిన ఒక శాసనం ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ పాలనా సంవత్సరం నాటిది. రాజవైద్యుడొకరు ధర్మచక్రాన్ని ప్రతిష్ఠించిన సంగతి అందులో ఉంది. అది చెప్పగానే అమ్మ లేచి నిలబడింది. ‘‘చూసినవా, డాక్టరే గుట్టెక్కిండు. నన్నేమో వద్దంటడు!’’

మా తాత ఊళ్లో ఒక బురుజు ఉండేది. మన వైపు పాత ఊళ్లలో చాలాచోట్ల ఇప్పటికీ మొండిగోడలుగా కనిపిస్తాయి. దొర మనుషులు దాని మీద నుంచి చూసేవారు. ఎవరు పొలంలో ఉన్నారో, ఎవరు వెట్టికి రాలేదో పైనుంచి కనిపించేది. కింద ఉన్నవాళ్లది కనిపించడమే తప్ప చూడటం కాదు. కొండారెడ్డి బురుజయినా కాపలా కాయడానికి కట్టిందే. సూర్యాపేట తాలూకా జనం 1940ల్లో గడీల మీద తిరగబడ్డాక మన బురుజుల మీద పిచ్చిమొక్కలు మొలిచాయి. ఇప్పుడు వాటి మీదికి ఎవరైనా ఎక్కొచ్చు. కానీ ‘ఆడపిల్లకు గుట్ట మీదేం పని’ అన్న మాట మాత్రం బురుజుల కన్నా ఎక్కువ కాలం నిలబడింది.

ఎకరం పది గుంటలు

పైకి చేరేసరికి తొమ్మిదయింది. మూడుసార్లు కూర్చుని, రెండుసార్లు మామ భుజం పట్టుకుని అమ్మ ఎక్కేసింది. పెద్ద పెద్ద ఇటుకల వరుసలు, విరిగిన స్తంభాలు, విహారాల గదుల పునాదులు. నేను నోట్‌బుక్‌ తీసి రాసుకుంటుంటే, అమ్మ వాటి వైపు చూడనేలేదు. అంచు దాకా పోయి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని కింద దేన్నో వెతుకుతోంది.

యాసంగి నాట్ల కాలం. మడుల్లో నీళ్లు అద్దాల్లా మెరుస్తున్నాయి. అక్కడక్కడ తాటిచెట్లు, ఒక చెరువు, దారంట పోతున్న బస్సు. నాకు అంతా ఒకే పచ్చదనం. ఆమెకు అలా లేదు. ‘‘అదిగో పోచమ్మ గుడి. దాని ఎన్క మా పెద్దనాయిన బాయి. పూడ్చిండ్రు. ఆ రెండు తాళ్ల నడుమ సూడు...’’ అని వేలు పెట్టి చూపించింది. ‘‘గదే మన చెలక.’’

ఆ చెలక గురించి నాకు తెలుసు. అమ్మ పెళ్లప్పుడు తాత పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరం పది గుంటలు. 2010లో నేను జర్నలిజం డిప్లొమా చేస్తానంటే, హైదరాబాద్‌లో ఫీజుకూ హాస్టల్‌కూ ఆమె దాన్ని అమ్మేసింది. ‘ఆడపిల్ల చదువుకు భూమి అమ్ముతారా’ అని మా వాళ్లు చాలామంది ఆమెతో ఏడాది పాటు సరిగ్గా మాట్లాడలేదు. ఇదంతా తెలుసు. కానీ అది ఎక్కడుందో, ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. నా వరకు అది ఒక మాట మాత్రమే. మొదటిసారి దానికి గట్లు కనిపించాయి.

అప్పట్లో అది ఆముదాలు, కందులు పండే దుబ్బ నేల. వాన పడితే పంట, లేకుంటే లేదు. తర్వాత శ్రీరాంసాగర్‌ రెండో దశ కాలువల్లో నీళ్లొచ్చాయి. చెలకలు మడులయ్యాయి, ధరలు ఎక్కడికో పోయాయి. మామ లెక్కలు మొదలుపెట్టాడు. ‘‘ఇయ్యాల్టి రేటు తెలుసా అక్కా? అప్పుడు జర ఆగితే...’’

అమ్మ ఆయన్ని ఆపింది. ‘‘ఆగితే ఇది చదువు ఆగుతుండె. నువ్వు ఊకో’’ అంది. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ మడిలో పదిమంది వంగి నాట్లు వేస్తున్నారు. అంత దూరం నుంచి కూడా అమ్మ గుర్తుపట్టింది. ‘‘ఆడోళ్లు కాదు, మొగోళ్లు. బీహారోళ్లు కావచ్చు. వరసలు మంచిగనే పోతున్నయ్‌’’ అంది, సొంత పొలంలో కూలీల పని చూస్తున్నట్టు.

నేను ఏదో అనబోయాను. ఏమనాలో తెలియలేదు. ఫోన్‌ తీసి ఆ రెండు తాళ్ల మధ్య చోటును ఫొటో తీశాను. అమ్మ అడిగి చూసుకుని ‘‘ఏం కనవడ్తలేదు, అంత పచ్చగుంది’’ అని ఇచ్చేసింది.

ఎప్పుడు వెళ్లాలి?

వెళ్లాలనుకుంటే చలికాలం పొద్దున్నే వెళ్లండి. ఎండెక్కితే బండలు కాలతాయి. నీళ్లసీసా మర్చిపోవద్దు. ఇక్కడ దొరికిన శిల్పాల్లో కొన్ని హైదరాబాద్‌ పబ్లిక్‌గార్డెన్స్‌లోని స్టేట్‌ మ్యూజియానికి చేరాయి. కాబట్టి శిల్పాల కోసమే అయితే అక్కడికీ వెళ్లాలి. చుట్టూ చూడటానికైతే మాత్రం గుట్టే ఎక్కాలి. వీలైతే ఆ కింది ఊళ్లలో పుట్టినవాళ్లను ఒకరిని వెంట తీసుకెళ్లండి. లేకుంటే అంతా పచ్చగానే కనిపిస్తుంది.

దిగేటప్పుడు ఎక్కినదానికన్నా ఎక్కువ సేపు పట్టింది. కింద చెట్టు నీడన మోకాళ్లకు జండూబామ్‌ రాసుకుంటూ అమ్మ ‘‘ఈ బిక్కేరు నీళ్లు యాడికి పోతయే?’’ అనడిగింది. మూసీలో కలుస్తాయని, మూసీ పోయి మిర్యాలగూడ అవతల వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుందని, అక్కడ రెండు నదులూ కలిసేచోట పాత గుళ్లు ఉన్నాయని చెప్పాను.

‘‘అక్కడ గుట్టుంటదా?’’

‘‘గుట్ట లేదుగానీ, గట్టు మీద నిలబడితే రెండు నదులూ కనిపిస్తాయి.’’

‘‘అయితే శివరాత్రికి పోదాం’’ అంది జండూబామ్‌ మూత బిగిస్తూ.