ముర్గాబులో ఒక శుక్రవారము

శుక్రవారపు జుమా నమాజు ముగిసి, మసీదుల ముంగిట సందడి సద్దుమణిగిన పిమ్మట, కువైట్ నగరమున మాలియా బస్సుస్టాండునుండి ముర్గాబు వీధులలోనికి నడచిపోవు తెలుగువాని చెవికి మొదట సోకునది అరబ్బీ కాదు, తన భాషయే. వారము పొడుగునను అరబ్బుల యిండ్లలో వంటపనియు పిల్లలపనియు చేయు స్త్రీలు, కార్లు నడపు డ్రైవర్లు, కంపెనీలలో పనిచేయు యువకులు ఆ యొక్క మధ్యాహ్నము తమ మాట తాము మాటలాడుకొనుటకై అచ్చట చేరుదురు. రాయచోటి యాసయు గోదావరి యాసయు ఒకే కాలిబాటమీద ఎదురుపడి కుశలప్రశ్నలు సేయుచుండును. ఆ వీధులకు పైయెత్తున లిబరేషన్ టవర్ 372 మీటర్ల పొడవున నిలిచియున్నది. 1990 ఆగస్టు 2వ తేదీన ఇరాకు సేనలు ఈ దేశమును ఆక్రమించుటకు పూర్వమే కట్టుబడి మొదలై, విముక్తి పిమ్మట పూర్తియై, 1996లో ప్రారంభమైన ఈ గోపురము దూరదేశములకు వార్తలు చేరవేయుటకై వెలసినది. దానికి కూతవేటు దూరమున ఒక పాత భవనపు మూడవ అంతస్తులో, వార్త పంపుటకే సంబంధించిన మరియొక విద్యను మనవారు నేర్చుకొనుచున్నారని విని చూడబోయితిని.

గది చిన్నది. గోడవారగా చుట్టిపెట్టిన పరుపులు, కిటికీ గూటిలో టీ కెటిల్, నడుమ పరచిన చాపమీద ఏడుగురు విద్యార్థులు, వారి యెదుట ఒక లాప్‌టాప్, దానికి తగిలించిన పాత టీవీ. ఇంతే ఆ పాఠశాల. బోధకుడు కాకినాడ ప్రాంతపు యువకుడు. వారమున ఆరుదినములు ప్రకటనల బోర్డులు తయారుచేయు దుకాణములో పనిచేసి, ఏడవనాడు తన గదినే బడిగా మార్చి, రుసుమేమియు పుచ్చుకొనక, యూట్యూబ్ ఛానెల్ తెరచి దిద్దుకొను పద్ధతిని తనవారికి నేర్పుచున్నాడు. విద్యార్థులలో నలుగురు ఇండ్లలో పనిచేయు స్త్రీలు. ఇంటిపనివారికి వారమున కొక సెలవుదినము నిచ్చి తీరవలెనని ఈ దేశపు 2015 నాటి 68వ సంఖ్య చట్టము విధించినది. ఆ సెలవు తమకు దక్కినందుననే వారచ్చటికి రాగలిగిరి.

అందరిలో వయస్సు మీరిన డ్రైవరొకడు తాను నాలుగు దశాబ్దముల క్రిందట ఈ దేశమునకు వచ్చితినని చెప్పెను. ఆ కాలమున ఉత్తరము వ్రాయనేరనివారు టేపు రికార్డరు ముందు కూర్చుండి, ఇంటివారి నొక్కొక్కరినే పేరుపెట్టి పలుకరించుచు గంటసేపు మాటలాడి, ఆ క్యాసెట్టును ఊరికి పోవువారి చేతికిచ్చి పంపెడివారట. “ఆ క్యాసెట్టు మా వీధంతా కూర్చోని వినేవోళ్లు సార్. ఇప్పుడు ఈ పిల్లోడు చెప్పేది గూడా అదే గదా” అనెను. ఆ మాట విన్న తరువాత నాకా గదిలో జరుగుచున్నది క్రొత్త వింతగా తోచలేదు. పాత యవసరమే క్రొత్త పనిముట్టును చేపట్టినట్లు తోచినది.

బోధకుడు మొదట ఏ మీటయు చూపలేదు. యూట్యూబ్‌లో తొట్టతొలిగా చేరిన వీడియోను టీవీమీద వేసెను. 2005 ఫిబ్రవరి 14న ఆ పేరు నమోదు కాగా, ఏప్రిల్ 23న స్థాపకులలో నొకడగు జావేద్ కరీం, అమెరికాలోని శాన్ డియాగో జంతుప్రదర్శనశాలలో ఏనుగుల యెదుట నిలిచి మాటలాడిన 19 సెకండ్ల దృశ్యమది. “ఏనుగు తొండం పొడుగ్గా ఉందన్నాడండి, అంతే. మొదటి వీడియో గొప్పగా ఉండక్కర్లేదండి, మొదలవ్వాలి” అని బోధకుడు వివరించెను. పిమ్మట మనవారి యుదాహరణములనే యెత్తుకొనెను. గుంటూరు జిల్లా గుడివాడ గ్రామమున, నూరేండ్లు దాటినదని ఇంటివారు చెప్పెడి మస్తానమ్మ ఆరుబయట కట్టెల పొయ్యిమీద వండిన వంటలను ఆమె మునిమనుమడును అతని మిత్రుడును 2016లో ‘కంట్రీ ఫుడ్స్’ అను ఛానెల్‌ద్వారా లోకమునకు చూపిరి. 2018 డిసెంబరులో ఆమె కన్నుమూయునాటికి ఆ ఛానెల్‌కు చేరినవారు పదిలక్షలకు మించిరి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లెలో కూలిపనులు చేసికొనిన గంగవ్వ, ‘మై విలేజ్ షో’ ద్వారా తెలుగునాట నింటింటికి పరిచితురాలైనది. ఆ యిద్దరును తమ మాటను మార్చుకొనలేదు. తమ యూరిని దాచలేదు. పాఠమునకు అదియే పీఠిక యయ్యెను.

అసలు పాఠము తాళముతో మొదలయ్యెను. ఛానెల్ కొరకు వేరుగా గూగుల్ ఖాతా నొకటి తెరువవలెను. దానికి రెండంచెల తనిఖీ పెట్టుకొనవలెను. పాస్‌వర్డు నెంతటి యాప్తునకును చెప్పరాదు. వీడియోలు దిద్దుటకు మరియొకని సాయము కావలసినచో, ఛానెల్ అనుమతులలో మేనేజరు అనియు ఎడిటరు అనియు అతనికి వేరుగా అధికారము నీయవచ్చును, వలదన్ననాడు తీసివేయవచ్చును. ఇట్లు చెప్పుచుండగా ఒక విద్యార్థి తలవంచుకొనెను. రెండేండ్లు కూడబెట్టుకొన్న ఛానెల్‌ను, పాస్‌వర్డు నొక పరిచయస్థుని కిచ్చి పోగొట్టుకొన్నవాడతడు. ప్రవాసికి ప్రత్యేకమైన జాగ్రత్త యొకటి బోధకుడు అందరిచేతను వల్లింపజేసెను. ఎనిమిదంకెల కువైట్ నంబరు వీసా ఉన్నన్నాళ్లే మనది. వీసా తీరి ఊరికి పోయిననాడు ఆ నంబరు పోవును, దానితోపాటు ఖాతాకు దారియు మూసికొనవచ్చును. కావున తిరిగి లోనికి వచ్చుటకై ఇంటి నంబరును మరియొక ఈమెయిల్‌ను ఖాతాలో ముందే చేర్చియుంచవలెను. నంబరును ధ్రువపరచిన పిదపనే పదునైదు నిమిషములకు మించిన వీడియోలు వేయుటకును, థంబ్‌నెయిల్ చిత్రమును స్వయముగా పెట్టుకొనుటకును అనుమతి లభించును.

ఆ ఖాతా తెరచుటలో వారు చూపిన శ్రద్ధ నన్ను కదలించినది. ఇచ్చటి సివిల్ ఐడీ కార్డు ప్రకారము ఇంటిపనిమనిషి చిరునామా ఆమె యజమాని యింటిదే. ఇకామా యను నివాసపు అనుమతి, కఫీలు అనగా పూచీపడిన యజమాని పేరితో ముడివడియుండును; పడుకొను గది వారిది, వండు వంటిల్లు వారిది. తన పేరు వ్రాసికొనుటకు ఈ నగరమున ఒక తలుపైనను లేని మనిషికి, తాళము తనదై, పేరు తనదై, వాకిలి తనయిచ్చ వచ్చినట్లు అలంకరించుకొనదగిన స్థలమొకటి దొరకుట సామాన్య విషయము కాదు. కావుననే ఈ ప్రారంభపు పనిని తొందరతో ముగింపరాదనియు, ఇల్లు కట్టుకొను ఓపికతో చేయవలెననియు నా నిశ్చితాభిప్రాయము.

రాయచోటి దాపుననున్న పల్లెనుండి వచ్చిన యొక యిల్లాలి ఛానెల్‌ను ఆనాడు తెరచిరి. ఆమె ఆరుదినములును యజమాని యింట మాంసము కలిపి మచ్బూస్ అన్నము వండును. ఏడవనాడు ఈ గదిలోని వంటింట తనకై రాగిసంగటి వండుకొనును. సంగటినే లోకమునకు చూపవలెనని ఆమె కోరిక. “ఏం పేరు పెడదామక్కా?” అని బోధకుడడిగెను. “సంగటి ముద్ద అని పెట్టు నాయనా” అని ఆమె చెప్పెను. బోధకుడొక క్షణ మాలోచించి, నిఘంటువులలో కనబడు రూపమని ‘సంకటి ముద్ద’ అని టైపు చేసెను. గ్రంథరూపమే యుచితమని నేనును తలయూపితిని. ఆమె తెరవంక చూచి ఏదో అనబోయి మానుకొనెను. తరువాత హ్యాండిల్. 2022 అక్టోబరునుండి అమలులోనికి వచ్చిన యీ గుర్తుపేరు మూడు మొదలు ముప్పది అక్షరములలోపు నుండవలెను, లోకములో మరియొకరికి లేనిదై యుండవలెను. ఎవరి ఫోనులోనైనను సులభముగా వెదకుటకు వీలగునట్లు దానిని ఇంగ్లీషు అక్షరములతో వ్రాసిరి.

బ్యానరు కడ చాలసేపు పట్టినది. వీధివాకిలికి తోరణమెట్టిదో ఛానెల్ పుటకు బ్యానరట్టిది. ఆమె తన ఊరి చెరువుగట్టు చిత్రమును తెచ్చెను. దాని యెడమకొనను చింతచెట్టు, కుడికొనను ఆమె తల్లి నిలిచియున్నది. టీవీమీద చూడగా చిత్రమంతయు నిండుగా నుండెను. అంతట బోధకుడు అదే పుటను ఫోనులో తెరచి ఆమె చేతికిచ్చెను. చింతచెట్టు లేదు, తల్లియు లేదు, నడుమ నీటిచార మాత్రమే మిగిలినది. “మాయమ్మ యాడికి పాయె?” అని ఆమె యదరిపడి యడిగెను. కారణమును బోధకుడు కాగితముమీద గీచి చూపెను. బ్యానరు కనీసము 2048 పిక్సెళ్ల వెడల్పు, 1152 పిక్సెళ్ల యెత్తు నుండవలెను. అది సంపూర్ణముగా కానవచ్చునది టీవీలోనే. అన్ని పరికరములలోను కోతపడక నిలుచునది నట్టనడుమనున్న 1235కు 338 పిక్సెళ్ల పట్టీ మాత్రమే. ముఖ్యమైనది ఏదియైనను ఆ పట్టీలోనే యుండవలెను. తల్లి చిత్రమును మెల్లగా నడుమకు జరిపిరి, పేరును ఆమె ప్రక్కను చేర్చిరి. మరల ఫోను తెరువగా తల్లి నిలువునను కనబడెను. ఆ యిల్లాలు తెరను కొంగుతో తుడిచి మరల చూచుకొనెను.

ప్రొఫైల్ చిత్రము 800 పిక్సెళ్ల చదరముగా నెక్కించినను, చూపరులకు బొట్టంత వలయముగనే కనబడును. కావున అందులో అక్షరములు వలదనియు, ముఖమొకటి స్పష్టముగా నున్న చాలుననియు బోధకుడు చెప్పెను. పరిచయవాక్యములకు వేయి అక్షరముల యవకాశమున్నను ఆమె నాలుగు వాక్యములే చెప్పెను: తానెవరో, ఏ యూరో, ఏమి వండునో, ఏ వారమున వీడియో వచ్చునో. అంతకుమించి చెప్పవలసినదేమియు లేదని నాకును తోచెను. క్రొత్తగా వచ్చినవారికి తనంత తానే మొదలగు పరిచయ వీడియోను, ఇదివరకే చేరినవారికి వేరొకదానిని మొదటి పుటలో నిలుపవచ్చునని చూపిరి. ఇది పిల్లలకొరకు చేసినదా కాదా యను ప్రశ్నకు నిజమైన సమాధానమే యీయవలెననియు బోధకుడు నొక్కి పలికెను. పిల్లల వివరములు అక్రమముగా సేకరించిరను ఆరోపణపై 2019లో గూగుల్ సంస్థయు యూట్యూబును అమెరికాలో 17 కోట్ల డాలర్ల దండుగ చెల్లింప నొప్పుకొనిన పిమ్మటనే ఈ ప్రశ్న ప్రతి ఛానెల్‌కును తప్పనిసరి యయ్యెను.

ఆ తరువాత బోధకుని కంఠము గంభీరమయ్యెను. అనుమతి లేక పరుల చిత్రములు తీసి వ్యాప్తిచేయుట ఈ దేశమున శిక్షార్హము. యజమాని యింటి లోపలి భాగము గాని, ఆ యింటి పిల్లలు గాని, ఆడవారు గాని ఒక్క క్షణమైనను వీడియోలో కనబడరాదు. సినిమాపాటలు వెనుక వేయరాదు. తొంబది దినములలో మూడు కాపీరైట్ స్ట్రైకులు పడినచో ఛానెలే మూతపడును. డబ్బుమాట ఎవరో యడుగగా అతడు దాచక చెప్పెను. ఇట్టి నిడివిగల వీడియోలతో ప్రకటనల ఆదాయమున పాలు దొరకవలెనన్నచో వేయిమంది సబ్‌స్క్రైబర్లును, పండ్రెండు నెలలలో నాలుగువేల గంటల వీక్షణమును సమకూరవలెను. “దానికోసం ఇక్కడి పని మానుకోవద్దండి. ఇది జీతం కాదు” అనెను. ఆశ చూపి జనమును పోగుచేయుట సులభమైన కాలములో, ఆ యువకుడు చెప్పిన ఆ మూడు మాటల నిజమే అతని బడికి గౌరవము తెచ్చినది.

సాయంకాలము ఆరు కావచ్చెను. కిందటి శుక్రవారము ఈ గది వంటింట తీసిన మొదటి వీడియో సిద్ధముగా నుండెను. ఉడికిన యన్నములో రాగిపిండి పోసి, తెడ్డుతో ఒత్తి గెలికి, తడిచేతులతో ముద్దచేసి, చెనిక్కాయల ఊరిబిండి ప్రక్కన పెట్టుట, అంతా కలిసి ఆరు నిమిషములు. అందరికి కనబడునట్లా, లింకున్నవారికి మాత్రమే కనబడు ‘అన్‌లిస్టెడ్’గానా, తనకు మాత్రమేనా యని బోధకుడడిగెను. “మొదట మా పాప చూడల్ల” అని ఆమె చెప్పగా, అన్‌లిస్టెడ్‌గా నుంచి లింకును ఊరికి పంపిరి. అచ్చట అప్పుడు ఎనిమిదిన్నర. బడిపిల్ల మేలుకొనియే యుండును. గదిలోనివారందరు టీ త్రాగుచు ఆ ఫోనువంకనే చూచుచుండిరి.

పది నిమిషములకు ఫోను మ్రోగెను. ఆమె అందరు వినునట్లు స్పీకరు పెట్టెను. పిల్ల వంటను గూర్చి ఒక్కమాటయు అనలేదు. “మా, జేజి సంగటి అనే గదా అంటాది? నువ్వు సంకటి అని పెట్టినావేమి?” అని యడిగెను. ఆమె బోధకునివంక చూచెను. ఆ చూపులో, మధ్యాహ్నము తాననబోయి మానుకొన్న మాట యేదో నాకప్పుడు తెలిసినది. నిఘంటువు చెప్పిన రూపము తప్పు కాకపోవచ్చును. కాని ఆ వాకిలి నిఘంటువుది కాదు, ఆ పొయ్యి యెదుట ఆ మాటతోనే బ్రతికినవారిది. నేను తలయూపి చేసిన పొరపాటునకు ఆమెను క్షమాపణ కోరితిని. “దాందేముంది సార్” అని ఆమె తేలికగా అనెను.

పదునాలుగు దినములలో పేరును రెండుమారులు మార్చుకొనవచ్చును. బోధకుడు లాప్‌టాప్‌ను ఆమెవైపునకు త్రిప్పెను. ఆమె ఒక్కొక్క అక్షరమునే వెదకి, ‘క’ను తుడిచివేసి దాని తావున ‘గ’ను నిలిపి, సేవ్ అను మీటను తన వ్రేలితోనే నొక్కినది. పిమ్మట వీడియోను అందరికి కనబడునట్లు మార్చినది. ఎనిమిది గంటలకు ఆమె యజమాని యింటికి చేరవలసియుండెను. మాలియా బస్సుకై మెట్లు దిగుచు, ఒక చేత గోడ పట్టుకొని, మరియొక చేతనున్న ఫోనులో ఆ రెండు మాటలను పైకి చదువుకొనుచుండెను: సంగటి ముద్ద.