ముహూర్తం ఎన్నింటికి?

మా ఇంట్లో ఒక మాట ఉంది. ఎవరైనా అక్కరలేని తొందర పడుతూంటే, రైలుకి రెండు గంటల ముందే ఆటో కోసం కేకలు వేస్తూంటే, మిగిలినవాళ్లం "ముహూర్తం ఎన్నింటికి?" అని అడుగుతాం. అందరం నవ్వుకుంటాం. పిల్లలకి కూడా ఈ మాట నోటికి వచ్చేసింది. అయితే అది ఎక్కడ పుట్టిందో వాళ్లకి తెలియదు. తెలిసినవాళ్లం ముగ్గురం. అందులో మా అమ్మ ఇప్పుడు లేదు. మా ఆవిడ ఆ సంగతి ఎత్తదు. నేను నోరు విప్పడానికి ఇన్నేళ్లు పట్టింది.

మాది బరంపురం. మా తాతగారి రోజుల్లో మద్రాసు రాజధానిలో ఉన్న ఊరు, 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్లింది. మేం కదలలేదు, సరిహద్దే కదిలింది. మా బంధుజనం అంతా ఇచ్ఛాపురానికి అవతల, సోంపేట, టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం ప్రాంతాల్లో ఉండిపోయారు. అందుచేత పెళ్లయినా, పురుడైనా, పోయినవారి పరామర్శ అయినా రోడ్డెక్కక తప్పదు. హోసూరులోనో, బళ్లారిలోనో ఉన్న మన పాఠకులకి ఈ బాధ కొత్తగా చెప్పక్కరలేదు. సొంత మనుషుల ముఖం చూడాలంటే మనకి ముందుగా కనబడేది రోడ్డే.

1995 మే నెలలో శ్రీకాకుళంలో మా మేనకోడలి పెళ్లి. అంతకు రెండు నెలల ముందే నేను మారుతీ 800 కొన్నాను. మా వంశంలో మొదటి కారు. రైల్లో వెళ్లమని అమ్మ చెప్పింది. నేను వినలేదు. పెళ్లివారి గుమ్మం ముందు కారు దిగాలని నా కోరిక. ముందు సీట్లో నా పక్కన మా బావమరిది, వెనక అమ్మ, మా ఆవిడ, మధ్యలో ఐదేళ్ల మా అబ్బాయి. ఉదయం పది దాటాక బయలుదేరాం.

అప్పటికది రెండు వరసల రోడ్డు, ఐదో నంబరు జాతీయ రహదారి. అటువాళ్లకీ ఇటువాళ్లకీ కలిపి ఉన్న తారు వెడల్పు ఏడు మీటర్లు. తారు అంచు దాటితే జానెడు లోతున మట్టి. ఇరుపక్కలా ఉద్దానం కొబ్బరితోటలు. ఇచ్ఛాపురంలో ఆగి కొబ్బరినీళ్లు తాగి మళ్లీ బయలుదేరాం. కంచిలి దాటాక ఒక ఎర్రబస్సు మా ముందు పడింది. పొగ వదులుతూ ఒక తీరుగా పోతోంది. మరీ నెమ్మదిగా కూడా కాదు, అరవైలో ఉంటుంది.

"బావా, ఈ పొగ తాగడానికా కారు కొన్నావు?" అన్నాడు మా బావమరిది.

అంతే. నాకు పౌరుషం వచ్చింది. హారన్ కొట్టాను. బస్సువాడు పక్కకి జరగలేదు. ముందు మలుపు ఉంది, జరగకపోవడమే సబబు. ఆ మాట ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం నన్ను చిన్నచూపు చూస్తున్నాడనిపించింది. మలుపు ఇంకా పూర్తికాకుండానే కుడివైపుకి తీసి యాక్సిలరేటర్ తొక్కాను. బస్సు సగం పొడవు దాటాను. ఎదురుగా సైకిలు. వెనక క్యారేజీకి ఇటూ అటూ కొబ్బరికాయల గోతాలు కట్టుకుని, తన పక్కన తాను, అంచు పట్టుకుని వస్తున్నాడు ఒక మనిషి. నేను బ్రేకు వెయ్యలేదు, హారన్ కొట్టాను. అతను నా కళ్లల్లోకి చూశాడు. హ్యాండిల్ అటు తిప్పేశాడు. మట్టిలోకి దిగిపోయాడు.

బస్సు దాటేశాం. వెనకనుంచి మా అబ్బాయి చప్పట్లు కొట్టాడు. "నాన్న గెలిచాడు!" అన్నాడు.

అద్దంలో చూశాను. రోడ్డు మీద కొబ్బరికాయలు దొర్లుతున్నాయి. బస్సు ఆగిపోయింది.

"ఒరే, బండి ఆపు" అంది అమ్మ. రెండు ఫర్లాంగులు పోయాక గానీ ఆపలేదు. "వెనక్కి తిప్పు" అంది. "జనం పోగయ్యుంటారమ్మా, కొడతారు. పసివాడున్నాడు, ఆడవాళ్లున్నారు. పడ్డాడంతే, ఏమీ అయ్యుండదు" అన్నాను. ఆ మాటలన్నీ ఎంత చప్పున వచ్చాయో తలుచుకుంటే నాకే ఆశ్చర్యం వేస్తుంది.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తరవాత అడిగింది:

"ముహూర్తం ఎన్నింటికిరా?"

"రాత్రి పదిన్నరకి."

"ఇప్పుడు ఎంతైంది?"

"పన్నెండున్నర."

"మరి ఎక్కడికిరా ఆ పరుగు?"

నా దగ్గర జవాబు లేదు. అమ్మ తలుపు తీసుకుని దిగింది. మా ఆవిడ చెయ్యి పట్టుకుంటే విడిపించుకుంది. రోడ్డు పక్క చింతచెట్టు కింద నిలబడింది. "మీరు పొండి. నేను బస్సులో వస్తాను" అంది. ఎంత బతిమాలినా వినలేదు. పావుగంటకి ఆ ఎర్రబస్సే వచ్చింది. అమ్మ చెయ్యెత్తింది. ఆగింది, ఎక్కింది, వెళ్లిపోయింది. ఈసారి నేను దాని వెనకే, దాని పొగలోనే కాశీబుగ్గ దాకా వెళ్లాను.

కాశీబుగ్గ బస్టాండులో అమ్మ దిగి కారెక్కింది. ఏం జరిగిందో అప్పుడు చెప్పింది. సైకిలతని మణికట్టు వాచిపోయిందట. బస్సు డ్రైవరు దిగి తన తువ్వాలుతో కట్టు కట్టాడట. ఈలోగా ఊళ్లోవాళ్లు వచ్చారు. వాళ్లకి కనబడింది ఆగి ఉన్న బస్సు, పడి ఉన్న మనిషి. డ్రైవరు కాలరు పట్టుకున్నారట. ప్రయాణికులు దిగి, బస్సు కాదు, ఏదో కారు అని సాక్ష్యం చెబితేగాని వదలలేదట. బస్సులో దారిపొడుగునా అదే మాట. ఆ కారువాడు ఎవడో, వాడికి పిల్లాపాపా లేరా అని తిట్టారట.

"అందరూ తిడుతూంటే కూచుని విన్నాను. నా కొడుకే అని చెప్పలేకపోయాను" అంది అమ్మ. "నీ తొందర నా నోరు కూడా నొక్కేసిందిరా."

పెళ్లిలో నా కారుని అందరూ మెచ్చుకున్నారు. అన్నం సయించలేదు.

మూడో రోజు తిరుగు ప్రయాణంలో అమ్మ ఆ మలుపు దగ్గర ఆపించింది. పక్కనే టీ బడ్డీ ఉంది. అడిగితే, అతనిది లోపల ఏదో పల్లె అని, ఎముక విరిగిందని, కట్టు కట్టించుకుంటున్నాడని, రెండు నెలలు చెట్టెక్కలేడని చెప్పాడు బడ్డీ అతను. నేను అయిదు వందలు ఇచ్చి అతనికి చేర్చమన్నాను. "ఎవరిచ్చారని చెప్పాలండీ?" అన్నాడు. నేను తల దించుకున్నాను. "దారిన పోయేవాళ్లని చెప్పు బాబూ" అంది అమ్మ. ఆ డబ్బు చేరిందో లేదో తెలియదు. రెండు నెలలు చెట్టెక్కలేనివాడి ఇల్లు అయిదు వందలతో ఎలా నడిచిందో అంతకన్నా తెలియదు.

తరవాత చాలాసార్లు నేను లెక్క వేసుకున్నాను. బ్యాంకులో పని చేసినవాణ్ణి, లెక్క వెయ్యకుండా ఉండలేను. బస్సు గంటకి 60 కిలోమీటర్లు, నేను 80. తేడా 20, అంటే సెకనుకి అయిదున్నర మీటర్లు. వెనక ఎడం, బస్సు పొడుగు, ముందు ఎడం కలుపుకుంటే 50 మీటర్లైనా నేను అదనంగా గెలుచుకోవాలి. అందుకు 9 సెకన్లు. ఆ 9 సెకన్లలో నేను నడిచే దూరం 200 మీటర్లు. ఎదురుగా అదే వేగంతో ఏ లారీయో వస్తూంటే అది కూడా 200 మీటర్లు నడుస్తుంది. అంటే ముందు 400 మీటర్ల రోడ్డు ఖాళీగా కనబడాలి. ఆ మలుపులో నాకు కనబడింది అందులో నాలుగో వంతు కూడా కాదు. అది సైకిలు కావడం నా అదృష్టం. అతని దురదృష్టం.

ఇక లాభం చూద్దాం. అక్కణ్ణించి కాశీబుగ్గ సుమారు 30 కిలోమీటర్లు. అరవైలో పోతే అరగంట. డెబ్బైలో పోతే దాదాపు 26 నిమిషాలు. నాలుగు నిమిషాలు మిగులుతాయి. ఆ నాలుగు నిమిషాలూ కాశీబుగ్గలో టీ చల్లారే దాకా ఊదుకోవడానికి సరిపోతాయి. నష్టం పద్దులో మాత్రం ఒక మనిషి మణికట్టు, ఒక డ్రైవరు పరువు, ఒక తల్లి మౌనం. పైగా లాభం నాకు, నష్టం వాళ్లకి. ఓవర్‌టేక్ చేసేవాడు పందెంలో ఒడ్డేది తన ప్రాణం ఒక్కటే అయితే మూర్ఖుడని వదిలెయ్యవచ్చు. పందెంతో సంబంధం లేనివాళ్ల ప్రాణాలు కూడా తెచ్చి ఒడ్డుతాడు.

చట్టం లేక కాదు. మలుపులో, ఎత్తు మీద, ముందు రోడ్డు కనబడని చోట దాటకూడదని నిబంధనలు ఎప్పటినుంచో ఉన్నాయి. మనల్ని ఎవరైనా దాటుతూంటే మన వేగం పెంచకూడదని కూడా ఉంది. ఇది చాలామందికి తెలియదు, తెలిసినా పౌరుషం ఒప్పుకోదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించినప్పుడు, నిబంధనలకు విరుద్ధంగా ఓవర్‌టేక్ చెయ్యడాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద పేరు పెట్టి చేర్చారు. మొదటి తప్పుకే వెయ్యి నుంచి అయిదు వేల దాకా జరిమానా గానీ, జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. అయినా 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవారు 1,68,491 మంది అని కేంద్ర ప్రభుత్వ నివేదిక చెబుతోంది. ఇందులో ఎందరు ఎవరి తొందరకి పోయారో, ఎందరి పక్కన ఎవరి కొబ్బరికాయలు దొర్లాయో!

ఇప్పుడు మా రోడ్డు నాలుగు వరసలయింది. నంబరు కూడా మారి పదహారయింది. మధ్యలో డివైడరు వచ్చింది, ఎదురు బళ్ల భయం తగ్గింది. ఈ తొందర జబ్బు మాత్రం కుడినుంచి ఎడమకి మారింది. లారీ కుడి వరసలో నిదానంగా పోతోందని ఎడమనుంచి దూరడం, రెండు లారీల మధ్యనుంచి పాములా జారడం. ఎడమ పక్క మోటారు సైకిలు మీద పాలక్యాన్లు పెట్టుకుని వచ్చేవాడు ఉంటాడు. డివైడరు సందు దూరమని ఎదురు దిశలో వచ్చే ట్రాక్టరు ఉంటుంది. లారీ చాటున వాళ్లెవరూ కనబడరు. ఒకరి వెనక ఒకరు దూరితే మరీ అన్యాయం. ముందువాడికి కనబడిన దారి వెనకవాడికి కనబడదు.

మొన్న వేసవిలో విశాఖపట్నంలో ఒక గృహప్రవేశానికి వెళ్లాం. కారు మా అబ్బాయిది. బెంగుళూరులో ఉద్యోగం, సెలవుకి వచ్చాడు. వెనక సీట్లో మా ఆవిడ, కోడలు, ఆరేళ్ల మనవరాలు. హెడ్‌లైట్లు మిటకరిస్తూ, ఇటూ అటూ దూరుతూ తోలుతున్నాడు. నేను రెండుసార్లు దగ్గాను. "ఏం కాదు నాన్నా, రోడ్డు బాగుంది" అన్నాడు. కంచిలి దాటాం. ఒక లారీని ఎడమనుంచి దాటి, ముందున్న బస్సుకి అడ్డంగా వచ్చి కుడి వరసలో పడ్డాడు. బస్సు హారన్ మోగిపోయింది.

వెనకనుంచి మనవరాలు చప్పట్లు కొట్టింది. "తాతయ్యా, ఇది తొమ్మిదోది! నాన్న గెలిచాడు!"

నా ఒళ్లు జలదరించింది. అదే రోడ్డు, అవే చప్పట్లు, అదే మాట.

"ముహూర్తం ఎన్నింటికిరా?" అన్నాను.

వాడు అలవాటుగా నవ్వాడు. "రేపు పొద్దున్న కదా నాన్నా!"

"ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో తెలుసా నీకు?"

"బామ్మ మాట కదూ?"

"బామ్మ మాటే. ఇక్కడే అంది. ఆవేళ చప్పట్లు కొట్టింది నువ్వు."

అప్పుడు చెప్పాను, సైకిలు, కొబ్బరికాయలు, తువ్వాలు కట్టు, కాలరు, అయిదు వందలు, అన్నీ. కోడలి ముందు, మనవరాలి ముందు చెప్పడం కష్టమే అయింది. మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూచుంది. వాడు ఏమీ అనలేదు. బండి మాత్రం ఎడమ వరసలోకి తెచ్చాడు. కాసేపటికి వెనకబడ్డ బస్సు మమ్మల్ని దాటి వెళ్లింది.

"మనం ఓడిపోయాం" అంది మనవరాలు.

"లేదమ్మా, బస్సులో ఉన్నవాళ్లు కూడా ఊరికే వెళ్తున్నారు" అన్నాడు వాడు.

వచ్చే పెళ్లిళ్ల కాలంలో మనలో చాలామందిమి సరిహద్దులు దాటి మనవాళ్ల ఊళ్లకి బయలుదేరతాం. శుభలేఖలో ముహూర్తం వేళ అచ్చువేసే ఉంటుంది. బండి తీసేముందు ఒకసారి చూసుకుని, ఓ గంట ముందుగా బయలుదేరండి. దారిలో ముందు పోయే బండి మీద కోపం వస్తే, ఆ వేళని మళ్లీ ఒకసారి తలుచుకోండి. మా అమ్మ అడిగిన ప్రశ్నకి అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడూ లేదు.