తీగ లేని పాట

ఈ పాఠం గురించి

ఇది స్వీయానుభవ వ్యాసం. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో ఉంటున్న ఒక తెలుగు రైల్వే ఉద్యోగి తన తల్లి కోసం ఒక చిన్న కంప్యూటరుకు తీగ లేని స్పీకరును ఎలా కలిపాడో ఇందులో చెబుతాడు. చదివేటప్పుడు రెండు విషయాలు గమనించండి: ఆయన ఏ పని చేశాడు? ఆ పని ఎందుకు చేశాడు?

1. మా ఇంటి అవసరం

ఖరగ్‌పూర్ రైలు వల్ల పెరిగిన ఊరు. 19వ శతాబ్దం చివర బెంగాల్ నాగపూర్ రైల్వే వారు ఇక్కడ స్టేషను కట్టారు. తరువాత పెద్ద వర్క్‌షాపు వచ్చింది. ఆ పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి ఎందరో తెలుగువాళ్లు వచ్చారు. వారి పిల్లలు, మనవలు ఇప్పటికీ ఇక్కడ ఉన్నారు. మాకు బజారులో బెంగాలీ, డ్యూటీలో హిందీ, ఇంట్లో తెలుగు.

మా అమ్మ ఆమదాలవలస దగ్గరి పల్లె నుంచి పెళ్లయి ఈ ఊరు వచ్చింది. ఆమెకు చదువు రాదు. ఇప్పుడు చూపు కూడా బాగా తగ్గింది. పగలు నేను డ్యూటీకి, నా భార్య కుట్టుపనికి, మా అమ్మాయి బడికి వెళతాం. అప్పుడు అమ్మకు తోడుగా ఉండేది వినిపించే మాట ఒక్కటే. టీవీలో వచ్చే బెంగాలీ, హిందీ ఆమెకు అంతంతమాత్రంగానే తెలుసు.

నా చిన్నతనంలో మా ఇంట్లో ఒక రేడియో ఉండేది. రాత్రి అయ్యాక మీడియం వేవ్‌లో విశాఖపట్నం కేంద్రం లీలగా వినిపించేది. రాత్రివేళ ఆ తరంగాలు ఆకాశంలోని పై పొరలకు తగిలి తిరిగి నేలకు వస్తాయి. అందువల్ల చాలా దూరం పోగలవు. పగలు మాత్రం అంత దూరం చేరవు. ఇప్పుడు ఆకాశవాణి తెలుగు కార్యక్రమాలు ఇంటర్నెట్‌లో వస్తున్నాయి. పగలూ రాత్రీ వినవచ్చు. అయితే నా ఫోను నాతో డ్యూటీకి వస్తుంది. అమ్మకు వేరే ఫోను కొనిచ్చినా దాని తెర మీది బొమ్మలు ఆమెకు కనిపించవు.

కాబట్టి మాకు కావలసినది ఇది: యంత్రం ఇంట్లోనే ఉండాలి. తెర ముట్టుకోవలసిన పని ఉండకూడదు. ఇంకొక మాట, తీగ ఉండకూడదు. ఇంటర్నెట్ పెట్టె ముందు గదిలో ఉంది, అమ్మ మంచం లోపలి గదిలో ఉంది. గడప మీదుగా తీగ లాగితే, చేతికర్రతో నడిచే మనిషి కాలికి అది తగలవచ్చు. ఈ వయసులో పడితే లేవడం కష్టం.

2. చిన్న కంప్యూటరు

నేను ఎంచుకున్నది రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు. పిల్లలు తక్కువ ఖర్చుతో కంప్యూటరు విద్య నేర్చుకోవాలని బ్రిటన్‌లో దీన్ని తయారుచేసి 2012లో అమ్మకానికి పెట్టారు. పొడవు 85 మిల్లీమీటర్లు, వెడల్పు 56 మిల్లీమీటర్లు. అరచేతిలో ఇముడుతుంది. ఇది లినక్స్ అనే వ్యవస్థతో నడుస్తుంది. లినక్స్‌ను 1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టాడు. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపల ఏముందో చూడవచ్చు.

2016లో వచ్చిన మూడవ నమూనాలో బ్లూటూత్ కూడా అమర్చారు. నేను ఆ నమూనానే పాతది ఒకటి కొన్నాను.

బ్లూటూత్ అంటే దగ్గరి దూరాలకు పనికివచ్చే రేడియో. స్వీడన్‌లోని ఎరిక్‌సన్ కంపెనీలో 1990లలో దీని పని మొదలైంది. పదవ శతాబ్దపు డెన్మార్క్ రాజు హరాల్డ్ బిరుదు దీనికి పేరయింది. తీగ లేకుండా గోడ దాటే తరంగాలు మన దేశానికి కొత్త కావు. 1890లలోనే జగదీశ్ చంద్ర బోస్ కలకత్తాలో అలాంటి తరంగాలతో దూరంగా ఉన్న గంట మోగించి చూపాడు.

బ్లూటూత్ వాడే తరంగాలనే చాలా ఇళ్లలోని వైఫై కూడా వాడుతుంది. రెండూ ఒకదానికొకటి అడ్డు రాకుండా బ్లూటూత్ ఒక ఉపాయం చేస్తుంది. తనకున్న 79 దారులలో ఒకదాని నుంచి ఇంకొకదానికి సెకనుకు 1600 సార్లు మారుతుంది. ఒక దారిలో గోల ఉంటే మరొక దారిలో మాట చేరుతుంది.

3. అయిదు మాటలు

లినక్స్‌లో ఈ పనికి బ్లూటూత్‌సీటీఎల్ అనే ప్రోగ్రాం ఉంది. దానికి అయిదు మాటలు చెప్పాలి. అవి తెర మీద ఇంగ్లీషు అక్షరాలలో ఉంటాయి. వాటి అర్థం తెలిస్తే బట్టీ పట్టనక్కరలేదు.

'పవర్ ఆన్' అంటే కంప్యూటరులోని రేడియోను మేల్కొల్పడం.

'స్కాన్ ఆన్' అంటే చుట్టుపక్కల ఎవరెవరున్నారో వెతకడం. ఈ సమయంలో స్పీకరు బటన్ నొక్కి పట్టుకుంటే దాని దీపం మిణుకుమిణుకుమంటుంది. 'నేనిక్కడ ఉన్నాను' అని చెప్పడం అది. మా వీధిలో స్కాన్ చేస్తే ఇరుగుపొరుగు ఫోన్లు, టీవీల పేర్లు కూడా వచ్చాయి. మన స్పీకరు పేరు, దాని చిరునామా చూసి రాసుకోవాలి. ఆ చిరునామాలో రెండేసి గుర్తుల చొప్పున ఆరు జతలు ఉంటాయి.

'పెయిర్' అని టైపు చేసి పక్కన ఆ చిరునామా ఇస్తే రెండు యంత్రాలకు పరిచయం అవుతుంది. అవి ఒక రహస్య తాళంచెవిని తయారుచేసుకుని చెరొకచోట దాచుకుంటాయి.

'ట్రస్ట్' అంటే నమ్మకం. ఇకమీదట ఆ స్పీకరు తానుగా వచ్చి తలుపు తడితే, మనిషిని అడగకుండానే లోపలికి రానివ్వమని చెప్పడం.

'కనెక్ట్' అంటే ఇప్పుడు కలపమని చెప్పడం.

నేను సిగ్నల్ విభాగంలో పనిచేస్తాను. అందుకే ఈ వరుస నాకు కొత్తగా అనిపించలేదు. మా యార్డులో రైలు రావాలంటే ముందు పాయింట్లు సరైన దారికి తిరగాలి, తరువాత తాళం పడాలి. ఆ తరువాతే సిగ్నల్ పచ్చబడుతుంది. 2017లో ఖరగ్‌పూర్‌లో 800 దారుల ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ పెట్టినప్పుడు యంత్రాలు మారాయి కాని ఈ వరుస మారలేదు. ఇక్కడా అంతే. పరిచయం కాకుండా కనెక్ట్ అంటే యంత్రం ఒప్పుకోదు.

4. కలిసింది, పలకలేదు

స్పీకరు కలిసిందని తెర మీద వచ్చింది. అయినా శబ్దం లేదు. ఎందుకంటే దారి వేయడం ఒక పని, ఆ దారిలో పాటను పంపడం ఇంకొక పని. రెండవ పని చేసే ప్రోగ్రాం పేరు పైప్‌వైర్. పాత కూర్పులలో పల్స్ ఆడియో ఉండేది. శబ్దం ఎటు పోవాలో దానికి చెప్పాలి. అది అప్పటికి టీవీ తీగ వైపు పంపుతోంది. బయటికి పోయే మార్గాల పట్టికలో స్పీకరును ఎంచుకోగానే పాట వచ్చింది.

అమ్మ చెవి పెట్టి విని, "ఏటిరా బాబూ, గొంతు గొట్టంలోంచి వొస్తన్నట్టుంది?" అంది. ఆమె మాట నిజమే. మా స్పీకరులో మైకు కూడా ఉంది. బ్లూటూత్‌లో పాట వినే పద్ధతి వేరు, టెలిఫోనులా ఇరువైపులా మాట్లాడే పద్ధతి వేరు. మాట్లాడే పద్ధతిలో గొంతు సన్నబడుతుంది. యంత్రం ఆ పద్ధతిని పట్టుకుంది. ఏ2డీపీ అనే పాటల పద్ధతికి మార్చగానే వీణ వీణలా, మనిషి గొంతు మనిషి గొంతులా వినిపించాయి.

మధ్యమధ్య శబ్దం తెగేది. స్పీకరును ఇనప బీరువా వెనక అలమరలో పెట్టాం. లోహం ఈ తరంగాలను అడ్డుకుంటుంది. దాన్ని కిటికీ గట్టు మీదికి మార్చాక తెగడం ఆగింది.

5. మనం లేనప్పుడు

ఇంత చేసినా అసలు పరీక్ష మిగిలే ఉంది. కరెంటు పోయి వస్తే? నేను అప్పుడు యార్డులో ఉంటే?

కరెంటు రాగానే కంప్యూటరు తానే లేచేది. కాని పాట వచ్చేది కాదు. కారణం ఇది: పైప్‌వైర్ వాడకందారు పేరు మీద నడుస్తుంది. ఎవరూ పేరు, సంకేతపదం ఇచ్చి లోపలికి రాకపోతే అది మొదలు కాదు. లినక్స్‌లో దీనికి 'లింగర్' అనే ఏర్పాటు ఉంది. లింగర్ అంటే వెళ్లకుండా ఆగి ఉండడం. మనిషి లేకపోయినా అతని ప్రోగ్రాములు మొదలై నిలిచి ఉంటాయి. దాన్ని పెట్టాను. రేడియో ప్రోగ్రాం కూడా యంత్రంతోపాటే మొదలయ్యేలా రాశాను.

ఇక మిగిలింది స్పీకరు. దాని బటన్ మీద బియ్యపు గింజంత ఎం-సీల్ అంటించాను. అమ్మ వేలితో తడిమి నొక్కుతుంది. స్పీకరు లేచి తనకు పరిచయమున్న కంప్యూటరును పిలుస్తుంది. 'ట్రస్ట్' చెప్పి ఉన్నాం కాబట్టి అది తలుపు తీస్తుంది. ఎవరినీ అడగనక్కరలేదు.

మొదటి వారంలోనే అమ్మ పక్కింటి ఆవిడను పిలిచి, "మన తెలుగు కబుర్లు వొస్తన్నాయి, కూకోమ్మా" అని కూర్చోబెట్టింది. బడి నుంచి వచ్చిన మా అమ్మాయి బెంగాలీ పుస్తకం ముందు పెట్టుకుని, తెలుగు మాటలకు అర్థాలు నానమ్మను అడగడం మొదలుపెట్టింది. తీగ లాగి ఉంటే ఖర్చు తగ్గేదే. కాని తన పాట తనే పెట్టుకునే స్వేచ్ఛ అమ్మకు దక్కేది కాదు.

ఈ పనిలో కనెక్ట్ కన్నా ట్రస్ట్, లింగర్ అన్న మాటలే పెద్దవని నాకు అనిపించింది. మనం ఎదుట ఉన్నప్పుడు కలపడం తేలిక. మనం లేనప్పుడు కూడా అది నడిచేలా చేసినప్పుడే పని పూర్తయినట్టు. స్వయంగా చదువుకునే మనకు ఇది బాగా తెలుసు. గురువు ఎదుట లేనప్పుడు మనలో మిగిలేదే చదువు.

పదాలు – అర్థాలు

లీలగా: సన్నగా, స్పష్టంగా కాకుండా
నమూనా: ఒక వస్తువు తయారీలో ఒక రకం
కూర్పు: ఒక ప్రోగ్రాం విడుదలైన రూపం
సంకేతపదం: లోపలికి రావడానికి ఇచ్చే రహస్యపు మాట

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. ఇంట్లో తీగ లాగకూడదని రచయిత ఎందుకు అనుకున్నాడు?
2. 'పెయిర్', 'ట్రస్ట్' అనే మాటలకు తేడా ఏమిటి? మీ మాటల్లో రాయండి.
3. స్పీకరు కలిసినా శబ్దం రాకపోవడానికి కారణమేమిటి?
4. మీ ఇంట్లో ఒక పెద్దవారు ఒంటరిగా వాడవలసిన వస్తువు ఒకటి చెప్పండి. అది వారికి అనువుగా ఉండడానికి మీరు ఏ మార్పు చేస్తారో పది వాక్యాల్లో రాయండి.