ఎడారి పాటకు ప్రయాణం కడుతూ

సంచి సర్దడం మొదలుపెట్టి మూడు రోజులైంది. ఇంకా పూర్తి కాలేదు. రెండు ఉన్ని స్వెట్టర్లు, ఒక శాలువా, నల్ల కళ్లద్దాలు, పెదాలు పగలకుండా వాజిలైన్ డబ్బా, కెమెరాలో ఇసుక చేరకుండా చుట్టడానికి పాలిథిన్ సంచులు. థార్ ఎడారిలో మాఘమాసపు పగలు చొక్కాతో తిరగొచ్చు. సూర్యుడు దిగాడంటే మాత్రం ఇసుక తన వేడినంతా చకచకా వదిలేస్తుంది. తెల్లవారుజామున శాలువా లేనిదే గుడారం బయట నిలబడలేమని వెళ్లొచ్చిన మిత్రులందరూ హెచ్చరించారు.

మాఘ పూర్ణిమ ఇంకా పది రోజుల్లోకి వచ్చింది. ఆ పౌర్ణమికి ముగిసేలా ఏటా జరిగే జైసల్మేర్ మరు మహోత్సవానికి మొదటిసారి వెళ్తున్నాను. రాజస్థాన్ నాకు కొత్తేమీ కాదు. 2018లోనూ, 2023లోనూ అసెంబ్లీ ఎన్నికలప్పుడు ఈ పశ్చిమ జిల్లాలు తిరిగాను. రాజపుత్రులెటు, జాట్లెటు, ఇందిరాగాంధీ కాలువ చివరి భూములకు నీళ్లెప్పుడు అన్న లెక్కలతో నోటు పుస్తకాలు నింపాను. బార్మేర్‌లో ఒక నాయకుడి ఇంటి ముంగిట ఇద్దరు ముసలివాళ్లు కమాయిచా వాయిస్తూ ఆయన తాతముత్తాతల పేర్లు వరసపెట్టి పాడుతుంటే, ఫోన్లో అవతలివాళ్ల మాట వినబడడం లేదని విసుక్కుంటూ పక్కకు జరిగాను. రాజనీతి శాస్త్రంలో పీజీ చేసిన నాకు, ఆ ఊళ్లో అధికారం ఎలా చేతులు మారుతుందో చెప్పే దృశ్యం అదేనని అప్పుడు తట్టలేదు.

తట్టింది ఈ మధ్యే. అందుకే ఈ ప్రయాణం.

మరు మహోత్సవం 1970ల చివర రాష్ట్ర పర్యాటక శాఖ పూనుకుని మొదలుపెట్టిన పండుగ. గడీసర్ చెరువు నుంచి ఒంటెల ఊరేగింపు బయలుదేరుతుంది. తర్వాత పోటీలు. తలపాగా చుట్టడంలో పోటీ, మీసాల పోటీ, ఎడారి వీరుడిగా ఒక యువకుణ్ని ఎంచే ‘మరుశ్రీ’, సౌందర్యానికి ‘మిస్ మూమల్’. సరిహద్దు భద్రతా దళం ఒంటెల విన్యాసాలు, ఒంటెల పోలో ఉంటాయి. చివరి రాత్రి ఊరికి సుమారు 40 కి.మీ. దూరంలోని సమ్ ఇసుక తిన్నెల దగ్గర, పండు వెన్నెల్లో జానపద సంగీతం. కార్యక్రమ పట్టిక చూస్తే జాతర అనాలో, ప్రదర్శన అనాలో తెలియదు. విదేశీ పర్యాటకుడు తలపాగా చుట్టుకోలేక తికమకపడుతుంటే చుట్టూ జనం నవ్వే ఫొటో ప్రతి ఏడూ పత్రికల్లో వస్తుంది. మా పత్రికలోనూ వచ్చింది.

ఆ ‘మిస్ మూమల్’ వెనక ఒక కథ ఉంది. లోద్రవా రాకుమారి మూమల్‌ కోసం అమర్‌కోట్ నుంచి మహేంద్రుడు రాత్రికి రాత్రి ఒంటె మీద వచ్చి తెల్లారేలోగా తిరిగి వెళ్లేవాడట. అపార్థం వల్ల ఇద్దరూ విడిపోయారు, చివరికి చితిలో కలిశారు. లోద్రవా జైసల్మేర్ పక్కనే ఉంది. అమర్‌కోట్ ఇప్పుడు పాకిస్తాన్‌లోని ఉమర్‌కోట్. సింధ్ సూఫీ కవి షా అబ్దుల్ లతీఫ్ ఈ కథను తన కావ్యంలో ఒక అధ్యాయంగా మలిచాడు. అంటే, ఈ ప్రేమకథను నేడు ఎవరైనా నడిపించాలంటే మహేంద్రుడికి వీసా కావాలి. జోధ్‌పూర్ నుంచి కరాచీకి మునాబావ్ మీదుగా నడిచే థార్ ఎక్స్‌ప్రెస్ 1965 యుద్ధంతో ఆగి 2006లో మళ్లీ పట్టాలెక్కింది. 2019 ఆగస్టులో మళ్లీ ఆగిపోయింది. 2025 మేలో రెండు దేశాల మధ్య ఘర్షణ జరిగిన రాత్రుల్లో జైసల్మేర్ పట్టణం దీపాలు ఆర్పుకుని కూర్చుంది. పాట మాత్రం రెండు వైపులా ఒకటే.

ఆ పాటను మోసుకొచ్చినవాళ్లు మాంగణియార్లు, లంగాలు. మతానికి ముస్లింలు. మాంగణియార్ల పోషకులు ఎక్కువగా హిందూ రాజపుత్రులు. పోషక కుటుంబంలో బిడ్డ పుట్టినా, పెళ్లయినా వీళ్లు వచ్చి పాడాలి. కృష్ణుడి మీద పాట, బుల్లేషా పాట ఒకే గొంతులో ఒకే రాత్రి వినిపిస్తాయి. కమాయిచా వాళ్ల సొంత వాద్యం. గుండ్రటి చెక్క బుర్రకు మేకతోలు బిగించి, కమానుతో వాయిస్తారు. చేతుల్లో రెండేసి చెక్కముక్కలు పట్టుకుని వాటితోనే తాళాన్ని పరుగులెత్తించే ఖర్తాల్ ఇంకొకటి. ‘మాంగ్‌నా’ అంటే అడగడం. ఆ పేరులోనే యాచన ఉందని ఇప్పటి యువకుల్లో కొందరు ‘మీర్’ అని పిలిపించుకోవడానికి ఇష్టపడతారు.

వీళ్లను పోషకుల ముంగిళ్ల నుంచి వేదికల మీదికి తెచ్చిన ఘనత ముఖ్యంగా కోమల్ కోఠారీది. కథకుడు విజయ్‌దాన్ దేథాతో కలిసి 1960లో బోరుందా గ్రామంలో రూపాయన్ సంస్థాన్ స్థాపించి, దశాబ్దాల పాటు ఊరూరా తిరిగి పాటలు రికార్డు చేశాడు. 2004లో ఆయన మరణించేనాటికి మాంగణియార్లు ప్రపంచమంతా చుట్టి వచ్చారు. 2006లో రోయ్‌స్టెన్ ఏబెల్ రూపొందించిన ‘మాంగణియార్ సెడక్షన్’ వాళ్లను ఎర్రటి గదుల్లో కూర్చోబెట్టి అంతర్జాతీయ రంగస్థలానికి తీసుకెళ్లింది. హమీరా గ్రామానికి చెందిన కమాయిచా విద్వాంసుడు సాకర్ ఖాన్‌కు 2012లో పద్మశ్రీ వచ్చింది. మరుసటి ఏడు ఆయన కన్నుమూశాడు. 2020లో అన్వర్ ఖాన్‌కూ ఆ గౌరవం దక్కింది.

ఇంతవరకూ ఇది సంతోషంగా రాసుకోదగిన కథ. కానీ ఫైళ్లు తిరగేస్తుంటే 2017 సెప్టెంబర్ నాటి వార్త కంటబడింది. జైసల్మేర్ జిల్లా దాంతల్ గ్రామంలో నవరాత్రుల వేళ ఒక మాంగణియార్ గాయకుణ్ని చంపేశారు. పూనకం రావడానికి తగినట్టు రాగం పాడలేదన్న కోపంతో పూజారే కొట్టాడన్నది ఆరోపణ. భయంతో ఆ ఊరి మాంగణియార్ కుటుంబాలన్నీ ఇళ్లు వదిలిపోయాయి. తరతరాలుగా ఏ గుడి ముందు పాడారో, ఆ గుడి ఉన్న ఊళ్లోనే వాళ్లకు నిలువ నీడ లేకపోయింది. పోషకుడికీ గాయకుడికీ మధ్య ఉన్నది ఆత్మీయ బంధమేనని పర్యాటక కరపత్రాలు చెబుతాయి. అది నిజమే కావచ్చు. అయితే ఆ బంధంలో కోప్పడే హక్కు మాత్రం ఒక వైపే ఉంది.

ఈ వార్త చదివాక నాకు మా కళ్లం గుర్తొచ్చింది.

మాది నందికొట్కూరు వైపు పల్లె. నా చిన్నప్పుడు జొన్నలు కళ్లానికి చేరిన రోజుల్లో గోత్రాలు చెప్పే పెద్దాయన ఒకరు వచ్చేవాడు. భుజాన గంట, చేతిలో కర్ర. మా తాత వేపచెట్టు కింద మంచమ్మీద నిటారుగా కూర్చునేవాడు. ఆ పెద్దాయన గంట మోగించి, మా వంశం ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరికి ఎవరు పుట్టారో ఏడు తరాలు ఏకధాటిగా చెప్పేవాడు. తన తాత పేరు వచ్చేసరికి మా తాత కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. ఊళ్లో మరెవరి ముందూ ఆయన కళ్లు తుడుచుకున్నది చూడలేదు. వెళ్లేటప్పుడు చేటెడు జొన్నలు, ఒక పాత పంచె ఇచ్చేవాళ్లు. తాత పోయిన మరుసటి ఏడు మా ఇంట్లో పెద్దవాళ్లు ‘ఇంకా ఇవన్నీ ఎందుకు’ అని పది రూపాయల నోటు చేతిలో పెట్టి పంపించారు. ఆయన నోటు తీసుకున్నాడు. గంట మోగించలేదు. ఆ తర్వాతి ఏడు రాలేదు.

ఇప్పుడు నాకు నాలుగు తరాల పేర్లే తెలుసు. మిగతా మూడూ ఆయనతో వెళ్లిపోయాయి.

ఇది నాస్టాల్జియా కాదు. చేటెడు జొన్నల కోసం ఒక మనిషి మా ఇంటి ముందు నిలబడాల్సిన రోజులు పోవడం మంచిదే. ఆయన పిల్లలు గంట పట్టుకోకుండా బడికి వెళ్లి ఉంటే మరీ మంచిది. కానీ జొన్నలు ఆపేసినవాళ్లం, దాని బదులు ఏం ఇచ్చాం? 12 మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. రెండేళ్ల తర్వాత ఆయన హైదరాబాద్ శివార్లలో కూలిపని చేస్తూ కనిపించాడు. పాత పోషకుడు తప్పుకున్నాడు. కొత్త పోషకులమైన మనం, అంటే ప్రభుత్వం, టీవీ, టికెట్ కొన్న ప్రేక్షకుడు, ఏడాదికి మూడు రోజులు చప్పట్లు కొట్టి వచ్చేస్తున్నాం. జైసల్మేర్‌లో ఈ లెక్క ఎలా ఉందో చూడాలని బయలుదేరుతున్నాను.

అలా అనుకున్నాక సంచి సర్దడం కన్నా ఇతర ఏర్పాట్లు కష్టమయ్యాయి. మొదటిది బస. 1156లో రావల్ జైసల్ కట్టించిన కోటలో ఇప్పటికీ జనం కాపురముంటున్నారు. బురుజు కిటికీలోంచి సూర్యోదయం చూపించే హోటళ్లు అక్కడ చాలా ఉన్నాయి. మనసు లాగింది. కానీ బిందెలతో నీళ్లు మోసుకున్న రోజుల నాటి కోట అది. కుళాయిలు, స్నానాల గదులు పెరిగి, నీరు పునాదుల్లోకి ఇంకడంతో గోడలు దెబ్బతిన్నాయి. ప్రమాదంలో ఉన్న కట్టడాల అంతర్జాతీయ జాబితాకు 1990లలోనే ఎక్కింది. 2013లో ప్రపంచ వారసత్వ హోదా వచ్చినా నీళ్ల సమస్య నీళ్లదే. కోట కింద ఊళ్లో ఒక చిన్న లాడ్జిలో గది మాట్లాడుకున్నాను. సూర్యోదయం మేడ మీది నుంచి చూస్తాను.

రెండోది సమ్ తిన్నెలు. అక్కడ గుడారాల్లో రాత్రంతా డీజే హోరు ఉంటుందని, జీపులు ఇసుక దిబ్బలెక్కుతాయని ప్రకటనలే గొప్పగా చెబుతున్నాయి. ఆ చుట్టుపక్కలే ఎడారి జాతీయ పార్కు ఉంది. మన బట్టమేక పిట్టకు దేశంలో మిగిలిన చివరి పెద్ద ఆశ్రయం అది. మా ఊరికి కూతవేటు దూరంలోని రోళ్లపాడులో ఆ పక్షి కోసమే 1988లో అభయారణ్యం పెట్టారు. మా నాన్న దాన్ని పొలంలో చూశాడు. నేను చూడలేదు. దేశం మొత్తం మీద ఇప్పుడు 150కి మించి లేవని అంచనా. ఎడారి మీదుగా వెళ్లే కరెంటు తీగలు వాటికి మృత్యుపాశాలయ్యాయి. ఆ తీగల్లో చాలా భాగం సౌర, పవన విద్యుత్తును మన నగరాలకు చేరవేసేవే. సమ్‌లోని కేంద్రంలో 2019 నుంచి పిల్లల్ని పొదిగించి పెంచుతున్నారు. డీజే గుడారం వద్దని, చివరి రాత్రి కచేరీ విని ఊళ్లోకి తిరిగొచ్చేలా జీపు మాట్లాడాను. డ్రైవర్‌కు నా వరస వింతగా తోచినట్టుంది, అడ్వాన్సు రెట్టింపు అడిగాడు.

మూడోది ఫోన్. పాత పరిచయం ఉన్న జోధ్‌పూర్ విలేఖరి ద్వారా ఒక యువ ఖర్తాల్ కళాకారుడి నంబరు దొరికింది. పండుగ అయ్యాక మీ ఊరు రావచ్చా అని అడిగాను. రమ్మన్నాడు. ఎంత ఇవ్వాలి అని అడగడానికి నీళ్లు నమిలాను. అతను నమల్లేదు. నలుగురు పాడితే ఇంత, భోజనం మా ఇంట్లోనే, దానికి డబ్బు తీసుకోం అన్నాడు. మధ్యలో ఏజెంటు ఉంటే అందులో చాలావరకు ఆగిపోతుందని కూడా చెప్పాడు. వీడియో తీసుకోవచ్చా అంటే కాసేపు ఆగి, ముందు వినండి, తర్వాత చూద్దాం అన్నాడు. మీ పోషకుల ఇళ్లకు ఇంకా వెళ్తారా అని అడిగాను. పెళ్లిళ్లకు తప్పకుండా వెళ్తాం, వెళ్లకపోతే వాళ్ల తాతల పేర్లు వాళ్లకెవరు చెబుతారు అని నవ్వాడు. ఆ నవ్వులో గర్వమే వినిపించింది. దాంతల్ గురించి అడగాలనుకున్నది ఫోన్లో అడగలేకపోయాను. ఎదురుగా కూర్చుని, అతను ఎత్తితే మాట్లాడాలి.

నిన్న రాత్రి అమ్మకు చెప్పాను, పాటలు వినడానికి ఎడారికి పోతున్నానని. ‘అంత దూరం పోయి ఎవురెవురివో వంశాలు వింటావు గానీ, మన గోత్రాలు చెప్పే తాత కొడుకు నంద్యాలలోనే ఉండాడు నాయనా, అపార్టుమెంటు కాడ వాచ్‌మన్‌గా’ అంది. ఆయనకు ఆ పేర్లు వచ్చా అని అడిగాను. నాకేం తెలుసు, నువ్వే అడుగు అంది.

ఢిల్లీ నుంచి జైసల్మేర్‌కు రైల్లో దాదాపు 18 గంటలు. వెయిటింగ్ లిస్టులో ఉన్న టికెట్ ఈ ఉదయమే ఖాయమైంది. సంచిలో చివరగా పెట్టింది కొత్త నోటు పుస్తకం. తిరుగు టికెట్ మాత్రం ఢిల్లీకి తీసుకోలేదు. జోధ్‌పూర్ మీదుగా హైదరాబాద్‌కు, అక్కడి నుంచి నంద్యాలకు తీసుకున్నాను.