దుపట్టా కింద సోనీయా, బోసా?

రెండూ మార్కెట్‌లోకి వచ్చినప్పుడు ముప్పై వేల రూపాయల చుట్టుపక్కల సామాన్లే. ఒకటి సోనీ డబ్ల్యూహెచ్-1000 ఎక్స్ఎం4, 2020లో వచ్చింది. ఇంకొకటి బోస్ క్వైట్‌కంఫర్ట్ 45, 2021లో వచ్చింది. యూట్యూబ్‌లో ఈ రెండింటి మీద గంటలకొద్దీ ముకాబలా ఉంది. బాస్ ఎంత, పాట ఎట్లా, విమానంలో ఎట్లా అని. దుపట్టా వేసుకున్న తల మీద ఎట్లా అని మాత్రం ఒక్కరూ చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నా.

నాది మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ పని. అమెరికా డాక్టర్లు మాట్లాడి పంపిన ఆవాజ్ విని, టైప్ చేసి పంపాలి. కాలి కింద ఫుట్ పెడల్, చెవిలో డాక్టరు. ఆయన నోట్లో ఫిఫ్టీన్ అన్నాడా, ఫిఫ్టీ అన్నాడా అన్నదాంట్లో ఒక మనిషి మందు డోసు ఉంటుంది. హైపో, హైపర్ కూడా అంతే, ఒక్క చివరి ముక్కలో జిందగీ తలకిందులు. ఇట్లాంటి పనికి ఖామోషీ షౌక్ కాదు, జరూరత్.

మిడుతూరులో మా ఇంట్లో ఖామోషీ ఎక్కడిది? ఎండాకాలం వస్తే కూలర్ తెల్లారి నుంచి అర్ధరాత్రిదాకా గుర్రుమంటూనే ఉంటుంది. పక్కనే పిండిమిల్లు. పంట చేతికొచ్చే రోజుల్లో మొక్కజొన్న మిషన్లు, ట్రాక్టర్లు. పక్క గదిలో అమ్మీ. షుగర్ మనిషి, ఇన్సులిన్ మీద ఉంది. షుగర్ పడిపోయినప్పుడు గట్టిగా పిలవదు, పిలవలేదు. "బేటీ" అన్న మాట సగమే బయటికొస్తుంది. నా సవాల్ అక్కడుంది. కూలర్ షోర్ పోవాలి, అమ్మీ సగం మాట పోగూడదు.

ఈ యంత్రం పనిచేసే తీరు తెలిస్తే సగం ఫిక్ర్ తగ్గుతుంది. బయటి చప్పుడును చిన్న మైకులు పట్టుకుంటాయి. దానికి సరిగ్గా ఉల్టా అలను లోపల పుట్టిస్తే రెండూ కలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఆగకుండా ఒకే తీరుగా మోగే మందమైన చప్పుళ్ల మీదే దీని జోరు: కూలర్, మిల్లు మోటారు, బస్సు ఇంజన్. మనిషి గొంతు, కుక్కర్ విజిల్, తలుపు కొట్టుడు, వీటి మీద అంత చేతకాదు. వాటిని కొంత ఆపేది చెవిని మూసిన మెత్త. ఇంకో మాట. ఇదంతా మన చెవికే. ఫోన్‌లో అవతలివాళ్లకు మన కూలర్ వినపడకుండా చేసేది మైకు తాలూకు వేరే పని. ఈ రెండూ ఒకటే అనుకుని కొనేవాళ్లు చాలామంది.

భాయిజాన్ కొడుకు బెంగళూరు నుంచి ఈద్‌కు వచ్చినప్పుడు వాడి సోనీ వారం రోజులు నా దగ్గరే పెట్టుకున్నా. పాత ఆఫీసు సహేలీ తన బోస్ ఇంకో వారం ఇచ్చింది. అల్లా ఆమెకు ఖైర్ చేయుగాక.

మొదట సోనీ. మాషా అల్లా, కూలర్ మాయం. బ్యాటరీ ముప్పై గంటలు, బోస్‌కు ఇరవై నాలుగే. బయటి ఆవాజ్ ఎంత లోపలికి రావాలో ఫోన్ యాప్‌లో మెట్లుమెట్లుగా పెట్టుకోవచ్చు. నేను భయపడ్డది అజాన్ గురించి. జొహర్ వేళ డాక్టరు నోరు మూసుకున్నప్పుడు చూస్తే, కూలర్ గోల లేనందుకు మసీదు మైకు ముందుకంటే సాఫ్‌గా వినపడింది. అజాన్ వినగానే చెయ్యి దానంతటదే దుపట్టాను తల మీదికి లాగుతుంది కదా. సోనీకి కుడి చెవి మీద అంతా టచ్. దుపట్టా సర్దుకుంటున్న వేలు దాని మీద జారిందంటే వాల్యూమ్ మారుతుంది, ఇంకోసారి తగిలితే ఆవాజే ఆగుతుంది. మీటింగ్ ఉన్నరోజు దుపట్టా దాని మీదుగా కప్పుకుంటే మాత్రం ఉల్టా. గుడ్డ మీంచి ఎంత రుద్దినా వినదు. నోరు విప్పితే చాలు పాట ఆపేసే ఒక సదుపాయం కూడా ఉంది. నేను పనిలో పనిగా దరూద్ చదువుకుంటా. నా పెదవి కొంచెం గట్టిగా కదిలిందంటే చాలు, పాపం, నన్నెవరో పలకరించారనుకుని ఆగిపోయేది. యాప్‌లోకి పోయి బంద్ చేశాక గానీ నా తస్బీహ్ సాగలేదు.

బోస్‌కు ఇట్లాంటి అక్లమందీ లేదు. కుడివైపు మూడు నాలుగు బటన్లు, ఎడమవైపు ఒకటి. అంతే. వేలితో తడిమితే గుడ్డ మీంచి కూడా తెలుస్తాయి. ఎడమ బటన్ నొక్కితే బయటి ఆవాజ్ లోపలికి వస్తుంది, మళ్లీ నొక్కితే షోర్ పోతుంది. ఇన్సాఫ్‌గా చెప్పాలంటే సోనీకి కూడా ఎడమవైపు ఇట్లాంటి బటన్ ఉంది. ఆపడానికి, పెంచడానికి మాత్రం టచ్చే గతి. బోస్‌లో ఆవాజ్ ఆపే బటన్ కూడా నొక్కుడుదే. అమ్మీ దగ్గితే ఒక్క నొక్కుతో డాక్టరును ఆపి, ఇంకో నొక్కుతో ఆమె మాట వింటా.

దీనికి పేరిచ్చిన అమర్ బోస్ తండ్రి బెంగాలీ అనీ, ఇంగ్లీషువాళ్ల నుంచి తప్పించుకుని అమెరికా పోయినాయన అనీ అమ్మీకి చెప్పా. కొడుకుకు ఈ ఖయాల్ 1978లో విమానంలో, ఇంజన్ మోతకు పాట వినపడక వచ్చిందట. ఆమె సోనీని, బోస్‌ను చెరో చేత్తో తూచినట్టు పట్టుకుని, "ఇత్తే పైసే? కానాఁ మే రూయీ డాల్‌లే" అంది. దూదిది ఏం ఖర్చు, నిజమే. దూది పెట్టుకుంటే డాక్టరు కూడా వినపడడు.

దుపట్టా సంగతి మాత్రం రెండింటికీ ఒకటే. చెవికీ మెత్తకూ మధ్య గుడ్డ దూరితే అక్కడ సందు పడుతుంది. ఆ సందులోంచి మొట్టమొదట దూరేది ఈ కూలర్‌లాంటి మందమైన చప్పుడే, అంటే ఏ చప్పుడు కోసం డబ్బు పోశామో అదే. మందం స్కార్ఫ్ మీద పెట్టుకుంటే పోసిన డబ్బులో సగం గాలికి పోయినట్టే. హెడ్‌ఫోన్ లోపల, దుపట్టా పైన వదులుగా ఉండాలి. బిగించి కప్పితే బయటి మైకుల మీద గుడ్డ రాసుకుని కసకసమంటుంది. పల్చటి మల్ గుడ్డ అయితే తేడా చాలా తక్కువ.

అందుకే నా వోటు బోస్‌కు. దుపట్టా గొడవ లేని మగపిల్లలు, బస్సుల్లో తిరిగేవాళ్లు, పాటల షౌకీన్లు సోనీ తీసుకుంటే ఏం నష్టం లేదు, అటే ఎక్కువ సరంజామా ఉంది. నాకు కావాల్సింది గుడ్డ కింద తడిమితే దొరికే రెండు బటన్లు.

అమ్మీ ఇన్సులిన్ వేసుకున్న తర్వాత ఆమె కడుపులో అన్నం పడేదాకా మాత్రం ఏ బోసూ చెవికి పెట్టను. ఆ టైమ్‌లో డాక్టర్లు ఆగుతారు. మిగతా వేళ తలుపు తీసే ఉంటుంది, ఆమె మంచం పక్కన స్టీలు గ్లాసు, చెంచా పెట్టా. చెంచాతో కొడితే ఆ ఖణేల్ శబ్దాన్ని ఏ కంపెనీ మిషనూ మింగలేదని వారం రోజులు పరీక్ష చేసి చూసుకున్నా. వజూకు తీసినప్పుడు మెత్తల మీద చెమట పొడిగుడ్డతో తుడవండి, మన ఎండలకు అవి తొందరగా పెళుసు తేలతాయి. రంగు నల్లదే తీసుకోండి. తెల్లది మెహందీ చేతులకూ, హల్దీ చేతులకూ నిలవదు.