గుత్తి నుంచి కొడికొండ దాకా

గుత్తి కోట దగ్గరికి వచ్చేసరికి హైదరాబాద్–బెంగళూరు దారి సగం పైచిలుకు అయిపోతుంది. రాత్రి తొమ్మిది, పది గంటలకు హైదరాబాద్‌లో బయల్దేరిన బస్సు ఇక్కడికి చేరేది రెండు, మూడు గంటల వేళ. ఒకప్పుడు ఏడో నంబరు, ఇప్పుడు 44వ నంబరు జాతీయ రహదారి ఇక్కణ్ణుంచి దక్షిణంగా తీగ లాగినట్టు పోతుంది. రెండు పక్కలా వేరుశనగ చేలు, కాదంటే బీడు. కంటికి పని లేని రోడ్డు, ఒంటికి నిద్ర ముంచుకొచ్చే వేళ.

సర్కారు రోడ్డు ప్రమాదాల లెక్కల్లో మాత్రం ఆ నిద్ర కనపడదు. కేంద్ర రవాణా శాఖ ఏటా వేసే నివేదికలో డ్రైవరు తప్పులకు గడులు ఇవీ: అతివేగం, తాగి నడపడం, ఎదురుదారిన రావడం, ఎర్రలైటు దాటడం, సెల్‌ఫోను. మిగతావన్నీ ‘ఇతరాలు’. 2022లో దేశంలోని రోడ్ల మీద పోయిన 1,68,491 ప్రాణాల్లో 71 శాతం అతివేగం గడిలోనే పడ్డాయి. కునుకు తీస్తూ ముందున్న లారీని గుద్దినవాడినీ అందులోనే రాస్తున్నారని నా అనుమానం. రోడ్డు మీద బ్రేకు చారలే లేని చోట, ఆ డ్రైవరు ఎన్ని గంటలుగా స్టీరింగు పట్టుకుని ఉన్నాడని ముందు అడగాలి. రోజుకు ఎనిమిది గంటలు, దూరపు రూట్లలో మహా అయితే పది అని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం 2025లో రద్దయ్యేదాకా చెబుతూనే వచ్చింది. కిరాయికి ఒప్పుకున్న సొంత లారీ డ్రైవరుకు ఆ లెక్క చెప్పి చూడండి, నవ్వుతాడు.

పామిడి దగ్గర పెన్న వంతెన. కింద ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. ఊళ్లు రోడ్డును ఆనుకుని ఉన్నచోటల్లా రాంగ్ రూట్ మొదలవుతుంది. యూటర్న్ దాకా పోయి రావడం దండగనుకుని బైకు, ట్రాక్టరు ఎదురొస్తాయి. వేగాల తేడా ఇంకో తలనొప్పి. నాలుగు వరుసల రోడ్డు మీద కారుకు గరిష్ఠం 100, ఆటోకు 50 అని 2018లో కేంద్రం నిర్ణయించింది. ఇద్దరూ చట్టప్రకారమే పోతున్నా, వెనకవాడు ఒక్క క్షణం ఫోను చూస్తే చాలు.

గార్లదిన్నె మండలంలో పెనకచర్ల డ్యామ్ నీళ్లున్నాయి, తోటలున్నాయి. కాబట్టి కూలిపని ఉంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని మెట్టపల్లెల నుంచి జనం ఇటు ఆటోల్లో వస్తారు. ముగ్గురికి పర్మిట్ ఉన్న బండిలో పది మంది ఎక్కితేనే డ్రైవరుకు డీజిలు ఖర్చు పోను ఏమైనా మిగిలేది, కూలీకి చార్జీ గిట్టేది. 2024 నవంబరు 23న తలగాసిపల్లె దగ్గర పుట్లూరు మండలం ఎల్లుట్ల కూలీలున్న ఆటోను ఆర్టీసీ బస్సు ఢీకొంది. కనీసం ఏడుగురు పోయారు. ఢీకొట్టింది ఎవరైనా, అంతమందిని ఆ ఆటోలో కుక్కింది కరువే అంటాను. అలాగని ఎక్కించుకున్నవాడిది తప్పు కాదనను.

అనంతపురం బైపాస్, రాప్తాడు, మరూరు టోల్‌గేటు త్వరగానే వెనక్కి పోతాయి. పెనుకొండ దాపున ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ వచ్చాక కార్లు మోసే పొడుగు లారీలు ఈ రోడ్డుకు అలవాటయ్యాయి. రాత్రిపూట రోడ్డు అంచున, పార్కింగ్ లైట్లు కూడా వేయకుండా నిలబడ్డ లారీ ఈ దారిలో అన్నిటికంటే పెద్ద భయం. నిద్రొచ్చి బండి ఆపినవాడు చేసింది మంచిపనే. ఆపిన చోటే ప్రాణాల మీదికి తెస్తుంది.

కొడికొండ చెక్‌పోస్టుతో మన రాష్ట్రం అయిపోతుంది, రోడ్డు అవదు. బాగేపల్లి దాటి చిక్కబళ్లాపురం దగ్గర 2023 అక్టోబరు 26 పొద్దున, పొగమంచులో, రోడ్డు పక్క ఆగి ఉన్న ట్యాంకరును ఓ సుమో వెనక నుంచి గుద్దింది. పదముగ్గురు చనిపోయారు. పండక్కి ఊరొచ్చి బెంగళూరు పనులకు తిరిగి పోతున్న మన సీమవాళ్లు వాళ్లలో ఉన్నారు. కిక్కిరిసిన బండి, మంచు, ఆగిన ట్యాంకరు: డ్రైవరు తప్పుల పట్టికలో ఈ మూడింటిలో దేనికీ సొంత గడి లేదు.